మావాణ్ణి ఎక్కడ వేద్దాం?

ఎండలు ముదిరాక కృష్ణా పశ్చిమ డెల్టా కాలువలకు నీళ్లు కట్టేస్తారు. తెనాలి నడిబొడ్డున పోయే కాలువలు అడుగు తేలి, గుర్రపుడెక్క ఎండి, గట్టున నడిచేవాళ్లు ముక్కు మూసుకునే రోజులవి. సరిగ్గా అప్పుడే ఊళ్లోకి కాలేజీలు పారడం మొదలవుతుంది. గాంధీచౌక్‌లో ఫ్లెక్సీ, బోస్‌రోడ్డులో ఫ్లెక్సీ, ఆటో వెనకాల ఫ్లెక్సీ. పొద్దున్నే పేపరు విప్పితే వార్తలకంటే ముందు నాలుగు కాలేజీలు జారి ఒళ్లో పడతాయి. ఇంటర్ రెండో సంవత్సరం రాసిన పిల్లాడు ఇంట్లో ఉంటే ఇక ఫోను కింద పెట్టే పనే లేదు. వాడి హాల్‌టికెట్ నంబరు వాడికే గుర్తుండదు గానీ, వాళ్ల నాన్న సెల్ నంబరు మాత్రం మూడు జిల్లాల పీఆర్వోలకు నోటికి వచ్చు.

తెనాలివాడికి జరిగిన అన్యాయం ఏమిటంటే, దేవుడు వాణ్ణి తీసుకొచ్చి నడిమధ్యన పెట్టాడు. గుంటూరు వైపు తిరిగితే వడ్లమూడిలో విజ్ఞాన్ అడ్డం వస్తుంది. దాన్ని దాటిపోతే చౌడవరంలో ఆర్వీఆర్ అండ్ జేసీ. మంగళగిరి వైపు తిరిగితే వడ్డేశ్వరంలో కేఎల్. ఇంకా ముందుకెళితే రాజధాని పొలాల్లో 2017లో మొలిచిన విట్, ఎస్ఆర్ఎం. మద్రాసు రైలెక్కితే బాపట్ల, అక్కడ 1981 నాటి ఇంజినీరింగ్ కాలేజీ. కదలకుండా ఊళ్లోనే కూర్చుంటే వీఎస్ఆర్ అండ్ ఎన్వీఆర్, ఆడపిల్లలకు జేఎంజే. రేపల్లె బండెక్కితే లైను చివర సర్కారు డిగ్రీ కాలేజీ. పూర్వం ఇంత బాధ లేదు. గుంటూరులో 1885లో పెట్టిన ఏసీ కాలేజీ ఉండేది. స్తోమత ఉన్నవాడు అక్కడికి పోయేవాడు, లేనివాడు పొలానికి పోయేవాడు. కౌన్సెలింగ్ ఒక్క పూటలో అయిపోయేది.

ఈ ఏడు ఆ యోగం మా అక్కయ్య ఇంటికి పట్టింది. మా మేనల్లుడు ఎంపీసీ పూర్తి చేశాడు. చేశానని వాడూ అంటున్నాడు, చేయించామని వాడి కార్పొరేట్ కాలేజీ వాళ్లూ అంటున్నారు. రెండేళ్లపాటు తెల్లారకముందే వెళ్లి చీకటి పడ్డాక వచ్చేవాడు కాబట్టి మాకెవరికీ వాడితో పెద్దగా పరిచయం లేదు. వాడి బతుకేదో తేల్చడానికి ఆదివారం పొద్దున సభ పెట్టారు. ఐతానగర్ నుంచి బావ వాళ్ల అన్నయ్య వచ్చాడు. హైదరాబాద్ పిన్ని స్పీకర్ ఫోనులో వచ్చింది. డాలస్‌లో ఉండే మా పెదనాన్న కొడుకు వీడియోలో వచ్చాడు. అక్కడ అర్ధరాత్రి కావడంతో మొహం సరిగా కనబడలేదు గానీ సలహా మాత్రం స్పష్టంగా ఉంది. "సీఎస్ఈ తప్ప ఇంకోటి వద్దు బావా!" ఉద్యోగం వచ్చిన కొత్తలోనూ ఇదే చెప్పాడు, లేఆఫ్‌లో అది పోయి ఇంటిపట్టున ఉన్నప్పుడూ ఇదే చెప్పాడు. నిలకడ గల మనిషి.

సభ భోజనాల వేళ దాకా సాగింది. బస్సు ఏసీదా కాదా? వీధి చివరికి వస్తుందా, మార్కెట్ దాకా నడవాలా? హాస్టల్లో సాంబారు ఎలా ఉంటుంది? గేటు చూశావా ఎంత ఎత్తుందో? మనవాళ్ల పిల్లలు ఎవరైనా చదువుతున్నారా? ఈ 'మనవాళ్లు' ఎవరని ఎవరూ వివరం అడగలేదు. మన వైపు అడగరు. పాఠాలు ఎవరు చెబుతారన్న ప్రశ్న మాత్రం అటు పిన్ని ఫోనులోంచీ రాలేదు, ఇటు వంటింట్లోంచీ రాలేదు.

అందరి చూపూ ప్యాకేజీ మీదే. ప్రతి ఫ్లెక్సీ మీదా ఒక కుర్రాడు టై కట్టుకుని నవ్వుతుంటాడు. వాడి మెడ కింద అర కోటి అని ఉంటుంది. ఆ అర కోటి తనకే వస్తుందని చూసే ప్రతి తండ్రికీ ఒక నమ్మకం, అదేదో కాలేజీ నీళ్లలోనే ఉన్నట్టు. చిన్న లెక్క చూడండి. యాభైమందిలో ఒకడికి 50 లక్షలు, మిగిలిన 49 మందికి మూడున్నర లక్షల చొప్పున వచ్చిందనుకుందాం. సగటు నాలుగున్నర లోపే తేలుతుంది. కానీ 'సగటు' అనే మాటను ఇంతవరకు ఏ ఫ్లెక్సీ షాపువాడూ టైపు చేసినట్టు లేడు. ఇక ఉద్యోగమే రానివాడు సగటులోకి కూడా రాడు. వాడు 'ఉన్నత చదువులకు వెళ్లాడు'. ఈ లెక్క బావకు చెప్పబోయాను. "నీ లెక్కలు నువ్వు చదివిన కాలేజీ నాటివిరా" అన్నాడు. నేనింక మాట్లాడలేదు.

ప్యాకేజీ తర్వాత గ్రేడు. బెంగళూరులో న్యాక్ అని ఒకటుంది, 1994లో పెట్టారు, కాలేజీలకు మార్కులు వేయడం దాని పని. ఏ ప్లస్ ప్లస్ రావాలంటే నాలుగింటికి మూడున్నర దాటాలి. పిల్లలకు పరీక్షలు పెట్టేవాళ్లు తమ పరీక్షకు ఎలా చదువుతారో చూడాలంటే న్యాక్ బృందం వచ్చే వారం ఏదైనా కాలేజీకి వెళ్లండి. గోడలకు సున్నం పడుతుంది, కుండీల్లో పూలు పూస్తాయి, లైబ్రరీ తలుపు తెరుచుకుంటుంది. 2025 ఫిబ్రవరిలో సీబీఐ వాళ్లు మన గుంటూరు జిల్లాలోనే ఒక డీమ్డ్ యూనివర్సిటీ పెద్దలనూ, తనిఖీకి వచ్చిన న్యాక్ బృందాన్నీ మంచి గ్రేడు కోసం లంచాలు చేతులు మారాయన్న ఆరోపణ మీద అరెస్టు చేశారు. 37 లక్షల నగదు, 6 ల్యాప్‌టాప్‌లు, ఒక ఐఫోను పట్టుకున్నామని ప్రకటించారు. నిజమేదో కోర్టు తేలుస్తుంది. మా ఇంట్లో మాత్రం అప్పుడే తేలిపోయింది. ఐతానగర్ పెద్దాయన ఆ వార్త గుర్తుచేసుకుని, "అంత ఖర్చు పెట్టగలిగారంటే స్థితిమంతులే" అన్నాడు మెచ్చుకోలుగా.

బ్రాంచి దగ్గర చర్చే లేదు. డాలస్ తీర్పు వచ్చేసింది కదా. అయితే సీఎస్ఈ ఒకటి కాదు. ఉత్త సీఎస్ఈ, ఏఐ అంటించిన సీఎస్ఈ, డేటా సైన్స్ అంటించినది, సైబర్ సెక్యూరిటీ అంటించినది. బోర్డులు వేరు, ఫీజు వేరు, ల్యాబు ఒకటే. ఒక్కో బ్రాంచికి ఇన్ని సీట్లే అని ఉన్న పరిమితిని ఏఐసీటీఈ 2024లో ఎత్తేశాక కాలేజీలు ఊపిరి పీల్చుకున్నాయి. సీఎస్ఈ సెక్షన్లు ఇంగ్లీషు అక్షరాల్లో ఎంతదాకా పోతాయో చూడాలి. సివిల్, మెకానికల్ మాస్టార్లు ఖాళీ బెంచీలకు పాఠం చెప్పుకోలేక, ఎండల్లో ఊళ్లమీద పడి సీఎస్ఈ సీట్లకు పిల్లల్ని పోగుచేస్తున్నారు. వంతెనలు ఎవరు కడతారని ఎవరైనా అడిగితే, అప్పటికి ఏదో యాప్ వస్తుందిలెండి.

ఇంజినీరింగ్ పక్కన పెడితే, బాపట్లలో ఉన్న వ్యవసాయ కళాశాల 1945 నాటిది. అక్కడ బీఎస్సీ సీటంటే బైపీసీ పిల్లలు ప్రాణం పెట్టి చదవాలి, అంత పోటీ. వ్యవసాయం చదవడానికి ఇంత పోటీ ఉన్న జిల్లాల్లో వ్యవసాయం చేయడానికి మాత్రం మనిషి దొరకడు. ఊళ్లోనే బీఎస్సీలో చేరి ఫిజిక్సు చదువుతానని ఎవడైనా అంటే వాణ్ణి ముందు డాక్టరుకు చూపిస్తారు. డిగ్రీవాళ్లకు 2020 నుంచి అడ్మిషన్లు ఆన్‌లైన్, అదే ఏడాది నాలుగేళ్ల ఆనర్స్, 2023లో పాత గ్రూపులు తీసేసి ఒకే మేజర్. పుస్తకాల కంటే నిబంధనలు ముందు మారుతుంటాయి కాబట్టి పిల్లాడికి లోకజ్ఞానం ఉచితం.

ఫీజు రీయింబర్స్‌మెంట్ మాట ఎత్తకుండా ఈ పురాణం పూర్తికాదు. ప్రభుత్వాలు మారినప్పుడల్లా దాని పేరు మారుతుంది, బకాయి మారదు. సర్కారు కాలేజీకి బాకీ, కాలేజీ లెక్చరర్‌కు బాకీ, పిల్లాడి సర్టిఫికెట్లు కాలేజీ బీరువాలో తాకట్టు. అందరూ ఒకరినొకరు చూసుకుంటూ నాలుగేళ్లు గడిపేస్తారు.

1909లో తెనాలిలో పుట్టిన రచయిత కొడవటిగంటి కుటుంబరావును ఈ కొలబద్దలతో కొలిస్తే ఎక్కడ తేలతాడా అని చూశాను. విజయనగరం మహారాజా కాలేజీలో ఫిజిక్సు చదివాడు. బెనారస్ వెళ్లి ఎమ్మెస్సీలో చేరాడు. ఆర్థికమాంద్యం వచ్చి మధ్యలో ఆగిపోయాడు. కోర్సు డిస్కంటిన్యూడ్, ప్లేస్‌మెంట్ నిల్. 1947లో నాగిరెడ్డితో కలిసి చందమామ మొదలుపెట్టిన చక్రపాణి కూడా తెనాలివాడే. 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా కుటుంబరావు ఆ పత్రికను నడిపించాడు. తెనాలివాడు తెనాలివాణ్ణి తీసుకున్న ఆ క్యాంపస్ సెలెక్షన్ గురించి ఏ ఫ్లెక్సీ మీదా లేదు. ప్యాకేజీ చెప్పుకోదగ్గది అయివుండదు.

చివరికి ఇదంతా తేలేది నెట్ సెంటర్లో. ఈఏపీసెట్ ర్యాంకు కార్డు పట్టుకుని తండ్రులు అక్కడ వరసలో కూర్చుంటారు. వెబ్ ఆప్షన్లు పెట్టే కుర్రాడు డిగ్రీ రెండేళ్ల కిందటే ఆపేశాడు. వాడికున్న అనుభవం మాత్రం వైస్ ఛాన్సలర్లకు ఉండదు. "ఈ ర్యాంకుకు ఇది రాదు అంకుల్, కింద ఇది పెడదాం, మొన్న మాకు తెలిసినోళ్లు అక్కడే చేరారు" అని టకటకా కొట్టేస్తాడు. తాతలు, మేనమామలు, డాలస్, అందరూ కలిసి వారాల తరబడి తేల్చిన వరసను వాడు రెండు నిమిషాల్లో సవరిస్తాడు. సేవ్, ఫ్రీజ్, ప్రింటు తీసినందుకు అదనం. నచ్చకపోతే తర్వాత స్లైడింగ్‌లో మారొచ్చని ధైర్యం చెప్పి, "నెక్స్ట్" అంటాడు.

మావాడి ఆప్షన్లు ఇంకా కాగితం మీదే ఉండగా ఒక మిట్టమధ్యాహ్నం ఒకాయన గేటు తీసుకుని లోపలికొచ్చాడు. మెడలో ఐడీ కార్డు, చంకలో బ్రోషర్లు, చొక్కా వీపుకు అతుక్కుపోయి ఉంది. ఫలానా కాలేజీలో ఈసీఈ అసిస్టెంట్ ప్రొఫెసర్‌నని చెప్పుకున్నాడు. వేసవి సెలవులు పిల్లలకే, ఆయనకు టార్గెట్. "మా దగ్గర సీఎస్ఈలో లాస్ట్ ఇయర్ హైయెస్ట్ ప్యాకేజ్ అమ్మా..." అని అప్పజెప్పడం మొదలుపెట్టాడు. అక్కయ్య మజ్జిగ ఇచ్చింది. ఊరికే ఉండలేక నేను కలగజేసుకున్నాను.

"మీరేం చెబుతారు సార్?"

"ప్లేస్‌మెంట్స్ గురించాండీ?"

"కాదండీ. క్లాసులో."

ఆయన గ్లాసు కింద పెట్టి నా వంక అనుమానంగా చూశాడు. తర్వాత నెమ్మదిగా, "సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్ అండీ" అన్నాడు. అని ఊరుకోలేదు. మావాడి చేతిలో ఫోను చూపించి, "నువ్వు మాట్లాడింది మాట్లాడినట్టు అవతలికి పోదు, తెలుసా? పాత టెలిఫోను లెక్కలో సెకనుకు 8,000 సార్లు నీ గొంతును కొలుస్తారు. ఆ కొలతలే పంపుతారు. మధ్యలో ఉన్నదంతా వదిలేస్తారు. అయినా అవతలివాడికి నీ గొంతు నీ గొంతులాగే వినబడుతుంది. ఎలా?" అన్నాడు. బ్రోషరు వెనక్కి తిప్పి, టై కట్టుకున్న కుర్రాడి వీపు మీద ఒక అల గీసి దానిమీద చుక్కలు పెట్టాడు.

మావాడు ఫోను పక్కన పెట్టాడు. "మరి తక్కువసార్లు కొలిస్తేనో సార్?"

"అసలు లేని శబ్దాలు వినబడతాయి. ఇదిగో, ఈ చుక్కల్లోంచి ఇంకో అల కూడా గీయొచ్చు, చూశావా? అదీ ప్రమాదం."

వాడు ఇంకో ప్రశ్న వేశాడు. ఆ తర్వాత ఇంకోటి. వాడు ప్రశ్నలు వేయగలడని మాకు ఆ రోజే తెలిసింది. బ్రోషరు వెనక చోటు అయిపోతే ఇద్దరూ అంచుల్లో గీసుకున్నారు. వచ్చిన పని గుర్తొచ్చి ఆయన గబగబా లేచి, ఫోన్ నంబరు రాసిచ్చి, పక్కవీధిలోకి వెళ్లిపోయాడు.

బావ ఆ కాగితం అటూ ఇటూ తిప్పి చూసి పెదవి విరిచాడు. "పాపం, చెప్పుకోడానికి ప్యాకేజీలు ఉన్నట్టు లేవురా. పాఠం చెప్పుకుంటున్నాడు."

"బస్సు కూడా మార్కెట్ దగ్గరే ఆగుద్దంట" అంది అక్కయ్య, గ్లాసు తీస్తూ.

ఆ కాలేజీని ఆప్షన్లలో ఇరవయ్యో నంబరుకు దించారు.