బస్సు ఆగే హోటలన్నకు బహిరంగ లేఖ

అన్నా,

నీ హోటలు పేరు ఇందులో రాయడం లేదు. కర్నూలు నుంచి నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు మీదుగా కడపకు పోయే జాతీయ రహదారి మీద నువ్వొక్కడివే లేవు. ఒకచోట బోర్డు మీద దేవుడి పేరుంటే ఇంకోచోట కొడుకు పేరుంటుంది. లోపల సరుకు మాత్రం ఒక్కటే. బస్సు ఆగుతుంది. కండక్టరు "పది నిమిషాలు" అని కేకేసి, డ్రైవరుతో కలిసి లోపలి గదిలోకి పోతాడు. అక్కడ వాళ్లిద్దరికీ భోజనం ఊరికే. దాని ఖర్చు మా పరోటా మీద పడుతుందని బస్సులో అందరికీ తెలుసు. దాని గురించి నేను గొడవ పడను. ఎండలో స్టీరింగు పట్టే మనిషి కడుపునిండా తినాల్సిందే. నా తగాదా నీ గాజు బీరువాతో.

అందులో ఏముంటాయో కళ్లు మూసుకుని చెప్పగలను. మైదా పరోటా, మైదా సమోసా, మైదా పఫ్ఫు. పొద్దున వేయించి మధ్యాహ్నానికి చల్లారి, బస్సు రాగానే మళ్లీ అదే నూనెలో మునిగి లేచే మిరపకాయ బజ్జీ. పక్కన గాలి నింపిన చిప్సు ప్యాకెట్లు, వాటి పక్కన రంగునీళ్ల సీసాలు. అన్నం కావాలంటే సోడా వేసి ఉడికించినట్టు ఉబ్బిన తెల్లన్నం, దాని మీద రెండు గరిటెల సాంబారు. కూర అడిగితే బంగాళాదుంప వేపుడు. ఒక ఆకుకూర లేదు, ఒక పండు లేదు, గ్లాసెడు పలుచని మజ్జిగ లేదు.

నీ దగ్గర దిగేది ఎవరో ఎప్పుడైనా చూశావా? విహారానికి పోయేవాళ్లు తక్కువ. వాళ్లు కార్లలో పోతారు, కార్లకు వేరే హోటళ్లున్నాయి. బస్సులో ఉండేది కర్నూలు పెద్దాసుపత్రిలో మనిషిని చేర్చి, రెండు మూడు రోజులు వరండాలో పడుకుని వచ్చే ఆడమనిషి. ఉద్యోగ పరీక్ష రాయడానికి పోయే పిల్లాడు. పెద్ద దర్గాలో మొక్కు తీర్చుకోవడానికి కడపకు పోయే కుటుంబం. వీళ్ల జేబులో తిండికని విడిగా దాచిన డబ్బు ఉండదు. టికెట్టుకు, మందులకు, ఫీజుకు పోగా మిగిలిందే తిండికి. బస్సులో షుగరు ఉన్నవాళ్లు ఎప్పుడూ ఇద్దరు ముగ్గురుంటారు. దేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహం ఉందని 2023లో ఐసీఎంఆర్‌ అధ్యయనం లెక్క తేల్చింది. మాత్ర వేసుకుని బస్సెక్కిన పెద్దాయన పన్నెండున్నరకు తినాలి. బస్సు నీ దగ్గర ఆగేది రెండు దాటాక. అప్పుడు ఆయన చేతికి నువ్విచ్చేది మైదా, చక్కెర.

ఇదే ఏమీ పండని నేలైతే నేను నోరు మూసుకునేవాణ్ని. కానీ నీ గాజు బీరువా ఎక్కడుందో చూడు. కోవెలకుంట్ల నల్లరేగడిలో బుడ్డశెనగ పండుతుంది. పత్తికొండ, ఆదోని వైపు, ఇటు కడప మెట్ట చేలల్లోనూ శెనక్కాయ పండుతుంది. పులివెందుల అరటి ఢిల్లీ మార్కెట్టు దాకా పోతుంది. చీనీకాయలు, కోడూరు వైపు బొప్పాయిలు లారీల్లో నీ హోటలు ముందు నుంచే పోతుంటాయి. ఒక్క గెల కూడా నీ కౌంటరు మీదికి రాదు. శెనక్కాయ పండే నేల మీద నిలబడి, ఇండోనేషియా, మలేషియాల నుంచి ఓడలో వచ్చిన పామాయిల్‌లో నువ్వు బజ్జీలు వేస్తున్నావు.

నంద్యాల సంగతి మరీ విచిత్రం. అక్కడ వందేళ్లు దాటిన వ్యవసాయ పరిశోధనా స్థానం ఉంది. మన మెట్ట రైతులు వేసే సూర్యనంది కొర్ర అక్కడ పుట్టిందే. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరమని ప్రకటిస్తే హైదరాబాదులో కొర్ర బిస్కెట్లు, కొర్ర నూడుల్సు దుకాణాలకెక్కాయి. ఆ కొర్రకు వంగడం కట్టిన ఊళ్లో బస్సు దిగిన మనిషికి కొర్రన్నం ముద్ద దొరకడం గగనం. ఇందులో తప్పంతా నీదని అనను. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాక కొర్రన్నం, ఆరికెన్నం పల్లె వంటిళ్లలోంచి తప్పుకున్నాయి. పండగకు మాత్రమే వరన్నం చూసిన ఇళ్లలో రోజూ తెల్లన్నం ఉడికింది. దాన్ని తప్పుపట్టే హక్కు కడుపు నిండినవాడికి లేదు. కానీ ఇప్పుడు సంగటిని ఏం చేశారో చూడు. కూలికి పోయే మనిషి తెల్లారి తిని బయల్దేరిన రాగిసంగటి, "రాయలసీమ స్పెషల్‌" అయి నాటుకోడి పులుసుతో జత కట్టి, ప్లేటు మీల్సు కన్నా ఎక్కువ ధరకు మెనూ కార్డు ఎక్కింది. సంగటికి కోడి అక్కర్లేదన్నా. శెనక్కాయ చట్నీ చాలు, పుంటికూర పప్పు చాలు. వంద గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైనే కాల్షియం ఉంది. వంద గ్రాముల శెనక్కాయ విత్తనాల్లో పాతిక గ్రాముల దాకా మాంసకృత్తులున్నాయి. ఈ రెండూ కలిసిన ప్లేటు నీ పరోటా ధరకే ఇచ్చినా నీకు నష్టం రాదు.

దారి తిండి మనకు కొత్త కాదు. 1830లో ఏనుగుల వీరాస్వామయ్య మద్రాసు నుంచి కాశీకి బయల్దేరి, తిరుపతి దాటాక ఈ సీమ గుండానే అహోబిలం, మహానంది, శ్రీశైలం చూసుకుంటూ హైదరాబాదు చేరాడు. ఆయన కాశీయాత్ర చరిత్ర చదివితే ఒక సంగతి తెలుస్తుంది. ప్రతి మజిలీలో ఆయన చూసేవాటిలో ముఖ్యమైనది, ఆ ఊళ్లో వంటకు సరుకులు దొరుకుతాయా లేదా అన్నది. మజిలీ అంటే ఆయనకు పొయ్యి రాజేసుకునే చోటు. అంత పరివారం, అంత తీరిక మనకు లేవు. ఆయన వారాల తరబడి ప్రయాణించిన దేశాన్ని మన బస్సు రాత్రికి రాత్రి దాటేస్తుంది. కానీ దారిలో ఏం దొరుకుతుందో ముందే కనుక్కుని బయల్దేరే ఆ అలవాటు మాత్రం పనికొచ్చేదే.

నీ దగ్గర తినకుండా ఈ దారిలో రెండు మూడు రోజులు ఎలా గడుస్తుందో చెబుతాను. నీ వ్యాపారం చెడగొట్టాలని కాదు, నువ్వు ఎవరితో పోటీ పడుతున్నావో నీకు తెలియాలని.

బయల్దేరే ముందు సాయంత్రం కర్నూలు వీధుల్లో రొట్టెలమ్మ దగ్గరికి పోతాను. కట్టెల పొయ్యి మీద పెనం, పక్కన వేడినీళ్లు పోసి పిసికిన జొన్నపిండి, చేత్తో తడుతుంటే వచ్చే ఆ చప్పుడు. షుగరు వచ్చినవాళ్లంతా ఇప్పుడు ఆమె దగ్గరే ఉంటారు, డాక్టరు కన్నా ముందు ఆమె పలకరిస్తుంది. రెండు మెత్తటి రొట్టెలు ఆ రాత్రికి, బాగా ఎండకాల్చిన కటిక రొట్టెలు ప్రయాణానికి. కటిక రొట్టె రోజుల తరబడి చెడదు. ఉగాదికి కర్ణాటక నుంచి నల్లమల గుండా శ్రీశైలానికి నడిచొచ్చే భక్తుల మూటల్లో ఉండేవి అవే. శెనక్కాయ పొడి ఒక పొట్లం, ఒక ఉల్లిగడ్డ, వేయించిన శెనక్కాయలు గుప్పెడు, చిన్న బెల్లం ముక్క. సద్దిమూట అయిపోయింది. శెనక్కాయ పొడిలో ఉప్పు తగ్గించమని మాత్రం ఇంట్లో చెప్పుకోవాలి. రోజుకు 5 గ్రాములకు మించొద్దంటారు డాక్టర్లు, మన సీమ నాలుక ఆ మాట వినదు.

పొద్దున టిఫినుకు ఉగ్గాని. బొరుగులు నానబెట్టి పిండి, ఉల్లిపాయ, పచ్చిమిరప తిరగమోతలో వేసి, పుట్నాల పొడి చల్లితే అయిపోతుంది. కడుపుకు తేలిక, జేబుకు తేలిక. చిక్కల్లా దాని పక్కన కూర్చునే బజ్జీతోనే. బజ్జీ లేని ఉగ్గాని పెళ్లికూతురు లేని పెళ్లి అంటారు మా వైపు. సరే, ఒక్క బజ్జీ. కళ్ల ముందు వేయించినదైతే.

మధ్యాహ్నం ఊళ్లో ఉంటే అన్న క్యాంటీను. 2018లో మొదలై, మధ్యలో మూతపడి, 2024 ఆగస్టులో మళ్లీ తెరుచుకున్నాయి. కర్నూలు, నంద్యాల, కడప మూడు చోట్లా ఉన్నాయి. పూటకు 5 రూపాయలు, మూడు పూటలకు 15. అన్నం, కూర, పప్పో సాంబారో, పెరుగు. అన్నం పాళ్లు ఎక్కువ, కూర పాళ్లు తక్కువ అనే ఫిర్యాదు నాకూ ఉంది. అందుకే అరటిపండో, ఉడికించిన గుడ్డో నేనే తెచ్చుకుంటాను. 5 రూపాయలకు పప్పు, పెరుగు దొరికే దేశంలో నీ సమోసా ఎంతకు అమ్ముతున్నావో ఒకసారి గుర్తు చేసుకో.

ఇక సత్రాలు. మహానందిలో, బ్రహ్మంగారి మఠంలో అన్నదానం ఉంటుంది. అవధూత కాశినాయన పేరు మీద నల్లమల అంచుల్లో, పాత గుళ్ల పక్కన వెలిసిన సత్రాలను ఎరగనివాడు కడప జిల్లాలో ఉండడు. వాటిలో ఒకటైన జ్యోతి క్షేత్రం ఉన్న మండలానికే ఆయన పేరు పెట్టారు. అక్కడ ఎవరివి, ఏ కులం, ఎందుకొచ్చావు అని అడగరు. ఆకు ముందు కూర్చో, తిను, లే. డబ్బుండీ అక్కడ తినేవాళ్లు హుండీలో నాలుగు రూపాయలు వేసి రావాలి, అది వేరే సంగతి. ఆ పంక్తిలో కూర్చున్న ప్రతిసారీ నాకు నువ్వు గుర్తొస్తావు. ఊరికే పెట్టేవాడి పప్పులో ఆకుకూర ఉంటుంది, డబ్బు తీసుకునే నీ సాంబారులో ముక్క ఉండదు.

దాహం మాట ఒకటుంది. చైత్ర వైశాఖాల్లో నంద్యాల, కర్నూలు ఎండ 44 డిగ్రీలు దాటడం మామూలే. నన్నారి షర్బతు చల్లగానే ఉంటుంది, కానీ గ్లాసులో సగం పాకమే. పాకం తగ్గించి నిమ్మకాయ పిండమంటే పిండుతారు, అడగాలంతే. మజ్జిగ దొరికితే దానికి సాటి లేదు.

ఇప్పుడు చట్టం మాట. బెదిరింపు అనుకోకు. వంటనూనెను మళ్లీ మళ్లీ కాచితే అందులో పోలార్‌ పదార్థాలు పెరుగుతాయి. అవి 25 శాతం దాటిన నూనె వాడకూడదని ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2018 జూలై నుంచి నియమం పెట్టింది. నీ బాణలిలో నూనె కాఫీ రంగుకు తిరిగి, నురగ కడుతోంది. దాన్ని పరీక్షించడానికి మీటరు అక్కర్లేదు, బస్సు కిటికీలోంచి ముక్కు పెడితే చాలు. రెండోది నీళ్ల సీసా. అచ్చువేసిన ధర మించి ప్యాకెట్టు అమ్మకూడదని 2011 నాటి తూనికలు కొలతల నిబంధనలు చెబుతున్నాయి. కూర్చోబెట్టి వడ్డించే హోటళ్లకు సుప్రీంకోర్టు 2017లో వెసులుబాటు ఇచ్చిన మాట నిజమే. కౌంటరు దగ్గర నిలబెట్టి సీసా చేతిలో పెట్టి "కూలింగ్‌ చార్జీ" అని గుంజడానికి కాదు ఆ వెసులుబాటు.

నువ్వేమంటావో తెలుసు. "అడిగేవాళ్లు ఉంటే పెట్టమా?" అంటావు. పది నిమిషాల్లో పరోటా అయితే చుట్టి ఇవ్వొచ్చు, సంగటి ఎవరు కెలుకుతారు, మిగిలిపోతే ఎవరు తింటారు అంటావు. మాట కొంత నిజమే. ఆఫీసు బ్యాగులతో దిగే కుర్రాళ్లు పరోటానే అడుగుతారు, రెండో ఆలోచన లేకుండా. కానీ అన్నా, బస్సు మళ్లీ కదిలేలోగా తినాల్సినవాడు కనబడ్డదే అడుగుతాడు. కౌంటరు మీద లేని అరటిపండును ఎవడు అడుగుతాడు? ఉడికించిన శెనక్కాయ బుడ్డలకు నూనె ఖర్చు లేదు, మనిషి ఖర్చు లేదు. పొద్దున కుండెడు ఉడికిస్తే సాయంత్రం దాకా అమ్ముడుపోతాయి. శెనగ గుగ్గిళ్లు కూడా అంతే. ఈ రెండూ సీమలో ఏ సినిమా హాలు ముందైనా తోపుడుబండి మీద అమ్ముడుపోతుంటే, నీ దగ్గర పోవని ఎందుకనుకుంటావు? లాభం తక్కువ, అదీ అసలు మాట. చిప్సు ప్యాకెట్ల కంపెనీ నీకు ఫ్రిజ్జు ఇచ్చింది, బోర్డు రాయించింది. బుడ్డలమ్మే రైతు నీకు బోర్డు రాయించలేడు.

అందుకని అడిగేది ఎక్కువ లేదు. మైదా మానెయ్యమనడం లేదు, నువ్వు మానవు. బస్సు ఆగే వేళకు కౌంటరు మీద ఒక అరటి గెల వేలాడదియ్యి. ఒక గిన్నెలో ఉడికించిన గుడ్లు, ఒక కుండలో బుడ్డలు, ఒక బానలో కరివేపాకు, అల్లం దంచి వేసిన మజ్జిగ పెట్టు. ధరలు తెలుగులో, దూరం నుంచి కనిపించేట్టు రాయించు. బాణలిలో నూనె రోజూ మార్చు. వారానికి రెండు రోజులు సంగటి, శెనక్కాయ చట్నీ పెట్టి చూడు. ఎవరూ తినకపోతే డ్రైవరన్న తింటాడు, ఆయనకు ఎలాగూ ఊరికే.

చైత్ర పౌర్ణమికి ఒంటిమిట్ట కోదండరాముడి కల్యాణానికి కర్నూలు నుంచి బస్సులు నిండుగా వస్తాయి. సగం మంది ఉపవాసం, మిగతా సగం ఎండకు వడిలిపోయి ఉంటారు. గెల, మజ్జిగ బాన అప్పటికి సిద్ధం చెయ్యి. మేమూ చిల్లర తెచ్చుకుంటాం.

ఇట్లు,
కిటికీ పక్క సీటు ప్రయాణికుడు