ఎవడు చేశాడీ పని?

అమెరికాలో, డెట్రాయిట్ చుట్టుపక్కల ఊళ్లలో, శనివారం పొద్దున్నే గరాజ్ తలుపు పైకెత్తి, నెత్తిన వెల్డింగు ముసుగుతో, చేతిలో గ్రైండరుతో దర్శనమిచ్చే పెద్దమనిషి వీధికొకడుంటాడు. ఆ శివారుల్లో కాపురముంటున్న తెలుగువాళ్లకు ఈయన పక్కింటాయనగానో, ఆఫీసులో పక్క కుర్చీ ఆయనగానో పరిచయమే. గరాజ్‌లో ఇంజనూ, అద్దాలూ, చక్రాలూ లేని కారొకటి ఉంటుంది. 1969 నాటి షెవర్లే కమారో అనుకోండి. కారనడం మర్యాద కోసమే. నిజానికది గాలీ వెలుతురూ ధారాళంగా వచ్చే రేకుల పందిరి. ఈయనకు తుప్పుదొర అని పేరు పెట్టుకుందాం. ఎందుకండీ ఈ అవస్థ అని అడిగితే దొరగారి దగ్గర మూడు జవాబులు తయారుగా ఉంటాయి: పాత కార్లంటే ప్రేమ, చేతిపనంటే ఇష్టం, పూర్తయితే మంచి ధర పలుకుతుంది. ఈ మూడూ పైపూతలేనని నా వాదన. తుప్పుదొరకు కావలసింది ఒక ముద్దాయి. ఈ బండి మీద తనకంటే ముందు చెయ్యి వేసినవాడెవడో, వాడి తప్పులన్నీ వెలికితీసి, సాక్ష్యాధారాలతో నిరూపించి, శిక్ష వెయ్యడమే ఈ వ్యాపకంలోని సారం. ఆ విచారణ జరుగుతుండగా మధ్యలో కారు కూడా కాస్త బాగుపడుతుంది.

ముందు కేసు పూర్వాపరాలు. కమారోను తయారుచేసిన జనరల్ మోటార్స్ కంపెనీలో, మధ్యరకం కార్లలో 330 ఘనపుటంగుళాలకు మించిన ఇంజను పెట్టకూడదని ఒక నియమం ఉండేది. జాన్ డిలోరియన్ చీఫ్ ఇంజనీరుగా ఉన్న పాంటియాక్ విభాగం, 1964 మోడల్లో 389 ఘనపుటంగుళాల ఇంజనును కొనేవాడు కోరి తీసుకునే అదనపు సరంజామాగా లెక్క చూపించి, ఆ నియమాన్ని పక్కకు నెట్టి, జీటీఓ అనే బండిని అమ్మింది. మధ్యరకం బాడీలో భారీ ఇంజను పెట్టే మజిల్ కార్ల జాతర అక్కడ మొదలైంది. 1970కి షెవర్లే వారి షెవెల్ కారులోని ఎల్‌ఎస్6 ఇంజను 450 హార్స్‌పవర్ దగ్గర నిలబడింది. ఇన్సూరెన్సు ప్రీమియాలు, పొగ నిబంధనలు, ఆపైన 1973 అక్టోబరులో వచ్చిపడ్డ అరబ్బు చమురు ఆంక్షలు కలిసి జాతరకు తెర దించాయి. ఇంజను మీద ఇంత శ్రద్ధ పెట్టినవాళ్లు రేకు సంగతి పెద్దగా పట్టించుకోలేదు. ఇప్పటి కార్లకున్నట్టు ఒళ్లంతా జింకు పూత పూసిన రేకు ఆనాటి కమారోకు దక్కలేదు. 1969 మోడల్ కమారోలు ఒహాయోలోని నార్‌వుడ్‌లోనూ, కాలిఫోర్నియాలోని వాన్ నైస్‌లోనూ కలిపి 2,43,085 తయారయ్యాయి. వాటిలో మంచు ప్రాంతాల్లో తిరిగిన బండ్ల గతి చెప్పక్కర్లేదు. అక్కడ చలికాలంలో రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. డెట్రాయిట్ నగరం కిందే వెయ్యి అడుగులకు పైగా లోతున ఉప్పుగని ఉంది. కార్లకు పేరుపడ్డ ఊరే కార్లను తినే ఉప్పునూ తవ్విపోస్తోంది. ఉప్పు కలిసిన నీరు తుప్పును తొందరపెడుతుంది. ఇనుము తుప్పుగా మారినప్పుడు ఉబ్బుతుంది కనుక అతికిన రేకుల్ని కూడా విడదీస్తుంది. ముందద్దం కింది జాలీలోంచి జారిన ఆకులు లోపలే కుళ్లి తడిని పట్టి ఉంచుతాయి; డిక్కీ మూలల్లో, వెనకద్దం చుట్టూ ఉండే పట్టీ కింద నీరు నిలుస్తుంది. ఇంతవరకూ కథలో దోషి ఎవడూ లేడు. నీరు, ఉప్పు, ఆక్సిజన్ మీద అభియోగం మోపడం కష్టం. అందుకే గమనించండి, తుప్పుదొరకు తుప్పు మీద కోపం ఉండదు.

కోపమంతా ఆ తుప్పును కప్పినవాడి మీద. దొరగారు ఒక అయస్కాంతానికి గుడ్డ చుట్టి రేకంతా తడుముతాడు. అది అంటుకున్నచోట ముఖంలో చిన్న నిరాశ. అంటుకోక జారిపోయినచోట ముఖం వెలిగిపోతుంది: దాని కింద లప్పం ఉంది! గ్రైండరు పెడితే రంగు, రంగు కింద లప్పం, లప్పం కింద ఇంకొకరి రంగు, దాని కింద ఇంకొకరి లప్పం. అడుగున బయటపడే నిక్షేపాలకు ఈ వ్యాపకంలో గొప్ప ప్రసిద్ధి ఉంది. కోళ్లగూడుకు కొట్టే ఇనప జాలీ, నలిపి కుక్కిన వార్తాపత్రిక, రివెట్లు కొట్టి బిగించిన పాత నంబరుప్లేటు, కాళ్ల కింద నేలగా పరిచిన స్టాప్ బోర్డు. వార్తాపత్రిక దొరికితే పండగే, నేరం జరిగిన తేదీ కూడా తేలిపోతుంది. అప్పుడు భార్యను పిలుస్తాడు, పక్కింటివాళ్లను పిలుస్తాడు, ఫోటోలు తీస్తాడు. పంచనామా సక్రమంగా జరగాలి కదా. మన దగ్గర ఆటోనగర్ టింకరింగు మేస్త్రీ అయినా, ఇంటికొచ్చిన ప్లంబరైనా, పళ్లు చూసే డాక్టరైనా పని మొదలుపెట్టే ముందు ‘ఎవడండీ ఈ పని చేసింది?’ అని నిట్టూర్చనిదే చెయ్యి కదపడు. తుప్పుదొరదీ అదే నిట్టూర్పు. తేడా ఏమిటంటే, మేస్త్రీ ఆ ఒక్క మాటతో రేటు పెంచుకుని పనిలో పడతాడు, దొరగారు ఆ ఒక్క మాట కోసం సంవత్సరాల తరబడి తన డబ్బే ఖర్చుపెట్టుకుంటాడు.

ఇది వట్టి నింద అనుకునేవారికి నా దగ్గరున్న గట్టి సాక్ష్యం ఫ్యాక్టరీ. ఆనాటి ఫ్యాక్టరీ పని మహా నాజూకైనదేమీ కాదు. తలుపు సందులు ఒకచోట సన్నగా, ఒకచోట వెడల్పుగా ఉండేవి. అతుకుల్లో పూసే మందు చెయ్యి ఎటు పోతే అటు పోయేది. కంటికి కనబడని చోట్ల రంగు తుంపరలు తుంపరలుగా పడేది. తనిఖీ చేసినవాడు చాక్‌తో గీసిన గుర్తులు అలాగే ఉండిపోయేవి. పోటీ ప్రదర్శనలకు పోయే తుప్పుదొరలు ఈ లోపాలన్నీ భక్తిశ్రద్ధలతో మళ్లీ తయారుచేస్తారు. ఫ్యాక్టరీవాడు ఎక్కడ కారనిచ్చాడో అక్కడే కారనిస్తారు, ఎక్కడ గీత గీశాడో అక్కడే గీస్తారు. పని మరీ నున్నగా వస్తే న్యాయనిర్ణేతలు మార్కులు తగ్గించే పోటీలు కూడా ఉన్నాయి. అంటే నిర్లక్ష్యం దానంతటది పాపం కాదన్నమాట. 1969లో కంపెనీ జీతగాడు చేస్తే అది పవిత్రం, 1985లో ఒక పేద యజమాని చేస్తే అది ఘోరం. తప్పు మీద ద్వేషమే అయితే రెంటికీ ఒకే శిక్ష పడాలి. పడట్లేదు కనుక ఇక్కడ విచారణ తప్పు మీద నడవడం లేదు, మనిషి మీద నడుస్తోంది.

అయ్యా, పాత కారు మీది ప్రేమను ఇలా వెక్కిరించడం తగునా అని అడగవచ్చు. ప్రేమే అయితే దగ్గరి దారులున్నాయి. ఉప్పు ఎరుగని అరిజోనా ఎండలో సీటు గుడ్డ చిరిగినా రేకు నిలిచిన బండ్లు దొరుకుతాయి. అంతకన్నా సులువుగా, డైనకార్న్ అనే కంపెనీ 1969 కమారో బాడీని పూర్తిగా కొత్తరేకుతో తయారుచేసి అమ్ముతోంది. దొరగారికి ఆ మాట చెప్పిచూడండి, గుడిలో చెప్పులేసుకున్నవాణ్ని చూసినట్టు చూస్తాడు. ‘అది నా కారు ఎలా అవుతుంది?’ అంటాడు. సబబైన ప్రశ్నే. చట్టం కూడా కొంతవరకు ఆయన పక్షమే: ముందద్దం వెనక కనబడే నంబరు పలకను ఊడదీసి వేరే బాడీకి బిగించడం అక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం నేరానికి దారితీయగలదు. కానీ అదే దొరగారు తన కారుకు నేల రేకులు కొత్తవి తెస్తాడు, డిక్కీ అడుగు కొత్తది, పక్క రేకులు కొత్తవి, మడ్‌గార్డులు కొత్తవి, వీటిలో చాలా భాగం తైవాన్‌లో అచ్చుకొట్టినవి. చివరికి పాతది మిగిలేది పైకప్పూ, ముందు గోడా, ఆ చిన్న పలకా. పైగా 1969 షెవర్లే నంబరు ఇంజను గురించి ఆరు సిలిండర్లా ఎనిమిదా అన్నంతవరకే చెబుతుంది; అది సూపర్ స్పోర్ట్ బండా మామూలు బండా అన్నది పలకను చూస్తే తెలియదు. ఇంత తక్కువ చెప్పే పలక కోసం ఇంత రేకు మార్చే మనిషిని నడిపించేది ఒట్టి ప్రేమేనంటే నమ్మడం కష్టం. మచ్చలేని బాడీలో ముద్దాయి ఉండడు, దొరగారికి అది పనికిరానిదీ అందుకే.

డబ్బు సంగతి క్లుప్తంగా తేల్చేయవచ్చు. ఖర్చులో తన గంటల్ని కలుపుకున్న తుప్పుదొర లేడు. కలుపుకుంటే ఆ రాత్రి నిద్ర పట్టదు. అసలు ఆస్తిని కాపాడే తత్వమే అయితే ఆయన ఇంటి ముందున్న ఇంకో కారును చూడాలి. ఇంట్లో రోజూ వాడే బండి అది, భార్య ఉద్యోగానికి పోయేది, పిల్లల్ని బడికి దింపేది. గరాజ్‌లో స్థలం లేదు కనుక డిసెంబరు నుంచి మార్చి దాకా అది మంచులో నిలబడి ఉప్పు తింటూ ఉంటుంది. గరాజ్‌లోని అస్థిపంజరానికి హీటరు, నడిచే బండికి మంచుగడ్డ. కళ్లెదుట పడుతున్న తుప్పు ఆయనకు కనబడదు. అది తాను పడనిస్తున్న తుప్పు, దానికి నిందించడానికి ముందటివాడు లేడు.

ఇక గట్టి అభ్యంతరం ఒకటుంది: ముందటివాడు నిజంగానే దొంగపని చేశాడు కదా? స్టాప్ బోర్డును నేలగా వేసినవాణ్ని వెనకేసుకు రావాలా? వెనకేసుకు రానవసరం లేదు, అతని వైపు వాదన కూడా వింటే చాలు. 1980ల మొదట్లో అది పాతికేళ్ల చరిత్ర కూడా లేని పాతబండి, పెట్రోలు తాగే బండి, చవగ్గా చేతులు మారిన బండి. పెన్సిల్వేనియాలాంటి రాష్ట్రాల్లో నేలకు చిల్లులుంటే ఏటేటా జరిగే తనిఖీలో బండిని ఫెయిల్ చేస్తారు. అతనికి కావలసింది ఇంకో చలికాలం ఫ్యాక్టరీ డ్యూటీకి పోయి రావడం. ఇంట్లో ఉన్న రేకు వేశాడు, చేతనైన రివెట్టు కొట్టాడు, దుకాణంలో డబ్బా లప్పం కొని మెత్తాడు. నలభై ఏళ్ల తర్వాత ఒక పెద్దమనిషి గరాజ్‌లో దీపాలు పెట్టుకుని తన రివెట్లు లెక్కపెడతాడని అతనికెలా తెలుస్తుంది? ఇంకో మాట. అతను ఆ స్టాప్ బోర్డు వెయ్యకపోతే బండి ఆ ఏడే తుక్కుకు పోయేది. దొరగారికి బాగుచెయ్యడానికి కారు మిగిలిందంటే అది ఆ దొంగపని పుణ్యమే.

దొరగారి పక్షాన చెప్పవలసింది కూడా చాలా ఉంది, అది చెప్పకపోతే నేనూ ఏకపక్ష తీర్పు ఇచ్చినవాణ్నవుతాను. కొయ్యడానికి ముందు తలుపు ద్వారాలకు అడ్డంగా ఇనప కడ్డీలు అతికి, బాడీ కుంగకుండా చూసుకుంటాడు. ఫ్యాక్టరీ వేసిన వెల్డు చుక్కల్ని ఒక్కొక్కటిగా తొలిచి పాత రేకును ఊడదీస్తాడు. సుమారు 0.6 మిల్లీమీటర్ల సన్నటి తీగతో ఇక్కడొక చుక్క, అక్కడొక చుక్క వేస్తాడు. ఒకేచోట వేస్తే వేడికి రేకు వంకరపోతుంది. చల్లారేదాకా ఆగే ఆ ఓపిక ఇంట్లో ఇంకే విషయంలోనూ చూపించడని భార్య అనుకుంటే అందులో తప్పు లేదు. పెట్టెలా మూసుకుపోయే గడప భాగం లోపల, ఇక ఎవరూ ఎన్నటికీ చూడలేని చోట కూడా ప్రైమరు కొట్టి మైనపు పూత పట్టిస్తాడు. తన లప్పం మాత్రం మూడు మిల్లీమీటర్లు దాటలేదని కొలిచి చూపిస్తాడు. ప్రతి దశకూ ఫోటో తీసి దాచుకుంటాడు. ఆ ఫోటోలు జ్ఞాపకాల కోసమంటాడు గానీ అవి ముందస్తు బెయిలు దరఖాస్తులు. రేపు ఇంకొకడు ఈ కారుకు అయస్కాంతం పెట్టి ‘ఎవడు చేశాడీ పని?’ అంటాడని దొరగారికి బాగా తెలుసు. ఇంతకాలం ఇతరుల మీద నడిపిన విచారణ తన మీద కూడా నడుస్తుందన్న ఆ భయమే ఆయన చేత చీకటి మూలల్లో కూడా సత్యంగా పని చేయిస్తోంది.

ఆ లెక్కన తప్పులు పట్టే గుణాన్ని పూర్తిగా తీసిపారెయ్యలేం. ఈ వ్యాసం కూడా గుడ్డ చుట్టిన అయస్కాంతంతో ఒక మనిషిని తడిమిచూడడమే కనుక, ఆ గుణాన్ని గట్టిగా ఖండించే అర్హత దీనికీ లేదు. అయినా తీర్పు చెప్పక తప్పదు: తుప్పుదొర చేసే పని మంచిది, తిట్టే తిట్టు అన్యాయం. మంచి పని ఆ తిట్టులోంచే పుట్టింది కాబట్టి తిట్టును మన్నించవచ్చు. కానీ మన్నింపుకొక షరతు: వచ్చే చలికాలానికైనా అమ్మగారి కారును గరాజ్‌లోకి రానివ్వాలి. కమారోకు జరగాల్సిన నష్టం ఎలాగూ జరిగిపోయింది. బయటున్న బండి మాత్రం ఇంకా తీరికగా తుప్పు పడుతోంది.