బొమ్మరింట్లో దీపాలన్నీ ఒకేసారి ఆరిపోవాలి

సంక్రాంతి కొలువులో పెట్టే బొమ్మరింటికి లైట్లు బిగించబోతుంటే నాలుగు విషయాలు తెలిసినవాళ్లందరూ ఒకటే మాట చెబుతారు: ఏ గదికా గదికి విడిగా కనెక్షన్ ఇవ్వండి, ఒక బల్బు పోయినా మిగతావి వెలుగుతాయి అని. ఆ మాట వినకండి. నాలుగు గదులుంటే నాలుగు బల్బుల్నీ సిరీస్‌లో, ఒకదాని తర్వాత ఒకటిగా ఒకే తీగ మీద కలపండి. ఒక్కటి పోతే ఇల్లంతా చీకటైపోవాలి. అలా అయితేనే పిల్లలు అందులో తలపెట్టి వెతుకుతారు. వంటింట్లో బల్బొకటి పోయి, సావిట్లోదీ మేడమీదివీ వెలుగుతూనే ఉంటే ఎవరికి పట్టింది? కనుమ దాకా ఆ వంటిల్లు అలాగే ఉంటుంది, ఆ తర్వాత బొమ్మలతో పాటు అటక ఎక్కుతుంది.

సామాను చెబుతాను, రాసుకోండి. రెండు సెల్లుల టార్చిలో వేసే బల్బులు నాలుగు, వాటికి హోల్డర్లు నాలుగు. బల్బు మెడ మీద 2.5 వోల్టులు, 0.3 ఆంపియర్లు అని ఉండాలి, నాలుగింటి మీదా అదే అంకె ఉండాలి. 0.3 వాటి మధ్య 0.2 బల్బు ఒకటి కలిసిందంటే అందరికన్నా ధాటిగా వెలిగేది అదే, ముందు పోయేదీ అదే. కరెంటుకి 1.5 వోల్టుల లావు సెల్లులు ఆరు, మొత్తం 9 వోల్టులు. నాలుగు బల్బులకి నిండుగా కావలసింది 10 కదా, ఒకటి తగ్గిందే అని ఏడో సెల్లు కలపొద్దు. ఆ తగ్గడమే మనకి లాభం. ఒక్కో బల్బుకి 2.25 వోల్టులే అందితే వెలుగు కాస్త పసుపు తిరుగుతుంది, ఫిలమెంటు ఎన్నో రెట్లు ఎక్కువ కాలం మన్నుతుంది. ఆరు సెల్లులెందుకు, 9 వోల్టుల చిన్న బ్యాటరీ ఒకటి చాలు అనే దుకాణదారుడి మాట మాత్రం నమ్మకండి. 0.3 ఆంపియర్లు అదేపనిగా లాగితే అది తట్టుకోలేదు, కాసేపటికే బల్బులు ఎర్రబడిపోతాయి.

ఎల్‌ఈడీలు ఎందుకు పెట్టకూడదని అడుగుతారు. ఖర్చు తక్కువే, వేడీ తక్కువే, సెల్లులూ చాలా రోజులొస్తాయి, ఒప్పుకుంటాను. అయినా వద్దు. ఎల్‌ఈడీ పాడైతే దాన్ని ఎంత తిప్పి చూసినా తేడా కనిపించదు. టార్చి బల్బుని కిటికీ వెలుతురుకి ఎదురుగా పట్టుకుని చూడండి: సన్నని తీగ రెండు ముక్కలై ఒక కొస వేలాడుతూ ఉంటుంది, ఒక్కోసారి గాజుకి లోపలివైపు నల్లటి చార కూడా. పిల్లకి అది చూపిస్తే చాలు, ఇంకేమీ చెప్పక్కర్లేదు. పైగా బొమ్మరింటికి ఫిలమెంటు బల్బు కొత్తేమీ కాదు. విండ్సర్ కోటలో ఉన్న క్వీన్ మేరీ బొమ్మరిల్లు 1924లో పూర్తయింది. అసలు ఇంటిలో పన్నెండో వంతు కొలతకి కట్టిన ఆ ఇంట్లో కుళాయిల్లో నీళ్లొస్తాయి, లిఫ్టులు నడుస్తాయి, కరెంటు దీపాలు వెలుగుతాయి. గీసింది ఎడ్విన్ లుటియెన్స్, ఢిల్లీలో రాష్ట్రపతి భవన్‌నీ, నిజాం కోసం హైదరాబాద్ హౌస్‌నీ గీసిన ఆయనే. ఆ రోజుల్లో అక్కడ వెలిగినవి ఫిలమెంటు బల్బులే. రాణిగారికి పనికొచ్చింది మన పిల్లలకి పనికిరాకపోదు.

ఇక దీపాలు ఆరిపోయిన సంగతి. ఆరిపోగానే అందరి చెయ్యీ సెల్లుల మీదికే పోతుంది. సెల్లులు మార్చకండి. అవి అరిగిపోతుంటే వెలుగు కొంచెం కొంచెంగా తగ్గి, ఎర్రబడి, ఆ తర్వాత ఆరుతుంది. చక్కగా వెలుగుతున్నవి టక్కున ఆరాయంటే తప్పు సెల్లులది కాదు. ఎక్కడో తెగింది, లేదా లూజయింది. టెస్టరు కూడా తేకండి. దాని పిడిలో ఉండే నియాన్ బల్బు 9 వోల్టులకి వెలగదు. బాబాయిగారు దాన్ని అక్కడక్కడా ఆనించి "కరెంటే రావట్లేదర్రా" అని తేల్చేస్తారు, పిల్లలు నిజమే అనుకుంటారు.

జానెడు వైరు ముక్క చాలు. రెండు కొసలా తొడుగు ఒలిచి, ఆ కొసల్ని ఒక హోల్డరు రెండు మరలకీ ఒకేసారి ఆనించమనండి. మిగతా మూడు గదులూ వెలిగాయా, దొంగ ఆ గదిలోనే ఉన్నాడు. అప్పుడు మూడింటికీ తలా 3 వోల్టులు వస్తాయి, కొత్త సెల్లులు రెండు వేసిన టార్చిలో వచ్చినంతే కాబట్టి ఫరవాలేదు. రెండు గదుల్ని మాత్రం ఒకేసారి దాటించొద్దు. మిగిలిన రెండిటికీ నాలుగున్నర చొప్పున పడి అవి కూడా మాడిపోతాయి. ఏ గది దగ్గర ఆనించినా ఏదీ వెలగకపోతే తప్పులు రెండున్నట్టు, లేదా వైరు తెగినట్టు. అలాంటప్పుడు బల్బులన్నీ ఊడదీసి, ఒక్కోదాన్నీ రెండు సెల్లుల మీద పెట్టి చూసుకోవాలి. ఇలా రెండు తప్పులు కలిసి దొరికిన రోజు పిల్లలకి నిజమైన పండగ, తొందరపెట్టకండి.

నాలుగు బల్బులూ బాగానే ఉంటే హోల్డరు లోపలికి చూడండి. అడుగున చిన్న ఇత్తడి నాలిక ఉంటుంది. బల్బుని గట్టిగా బిగించీ బిగించీ అది అణిగిపోతుంది, బల్బు కింది సీసపు బొట్టుకి అందదు. సెల్లుల వైరు ఊడదీసి, గుండుసూదితో ఆ నాలికని రవ్వంత పైకి లేపండి. పిల్లలు బిగించిన ఇంట్లో తరచుగా దొరికే తప్పు ఇదే. తర్వాతది, తొడుగు సరిగా ఒలవకుండానే మెలేసి టేపు చుట్టేసిన అతుకు.

వైర్లు దాచొద్దు. గోడ వెనకా రంగు కాగితం కిందా దాచితే చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది, కానీ తప్పు దొరకాలంటే గోడ చింపాలి. ఎర్ర వైరుని గోడ మీదే, అందరికీ కనపడేలా నడపండి. పేరంటానికి వచ్చినవాళ్లు "అదేంటమ్మా, వైర్లు బయటికే ఉన్నాయి" అంటే అననివ్వండి.

ఆ పేరంటం మధ్యలోనే దీపాలు ఆరిపోతే ఇంకా మంచిది. తర్వాత చూద్దాంలే అని పక్కన పెట్టకండి. తాంబూలాలు ఒక పావుగంట ఆగుతాయి. పిల్లని కొలువు ముందు కూర్చోబెట్టి, వైరు ముక్క చేతికివ్వండి. అత్తయ్యలూ పెద్దమ్మలూ చుట్టూ చేరి తలో మాటా చెబుతారు, అందులో సగం తప్పే ఉంటుంది. ఉండనివ్వండి, అవన్నీ ఆనించి చూసి పిల్లే తేల్చుకుంటుంది. మావయ్య వంగి వైరు అందుకోబోతే మాత్రం మొహమాటపడకుండా ఆపండి. ఆయన చేతిలోకి వెళ్లిన వైరు మళ్లీ పిల్ల చేతికి రాదు.

పెద్దవాళ్ల మాట తు.చ. తప్పకుండా వినవలసిన చోటు ఒక్కటే. పాత సీరియల్ సెట్టు తెచ్చి బొమ్మరింట్లో పెట్టకండి. 40 బల్బుల సెట్టయితే 230 వోల్టుల్ని పంచుకోగా ఒక్కోదానికి ఆరు కూడా రావు కాబట్టి ప్రమాదం లేదనిపిస్తుంది. ఒక బల్బు ఊడదీసి చూడండి, ఆ ఖాళీ హోల్డర్లో మొత్తం 230 వోల్టులూ కాచుకుని ఉంటాయి. పిల్ల వేలు పెట్టేది అక్కడే. కాబట్టి గోడ ప్లగ్గు నుంచి బొమ్మరింటికి ఏ తీగా రాకూడదు.

వేడి గురించి కూడా ఒక మాట. టార్చి బల్బు గాజు థర్మోకోలు గోడకి తగలకూడదు. ఏటికొప్పాక బొమ్మల్ని అయితే ఇంకాస్త దూరం జరపండి. వాటి మీది లక్కని లేతు మీద తిరిగే కొయ్యకి రాపిడి వేడితోనే కరిగించి ఎక్కిస్తారు, అంటే వేడికి మళ్లీ మెత్తబడుతుంది. కొండపల్లి బొమ్మ మీద లక్క ఉండదు, అయినా బల్బుకి ఆనించి పెట్టొద్దు.

పండగ అయ్యాక, బొమ్మల్ని గుడ్డల్లో చుట్టేటప్పుడు సెల్లులు తీసేయండి, లేకపోతే కారి, సెల్లులు పెట్టిన డబ్బాలోని స్ప్రింగుల్ని తినేస్తాయి. వైరింగు అలాగే ఉంచితే వచ్చే ఏడు పని తప్పుతుందని ఇంట్లో ఎవరో అంటారు. ఉంచొద్దు, మొత్తం విప్పించండి. బల్బులు ఒక డబ్బాలో, హోల్డర్లు ఒక డబ్బాలో వేసి, ఎర్ర వైరు చుట్టగా చుట్టి పెట్టండి. ఫిలమెంటు తెగిన బల్బులు కూడా బల్బుల డబ్బాలోనే ఉండాలి, పారేయకండి. వచ్చే సంక్రాంతికి ఏది మంచిదో ఏది పోయిందో పిల్లలే ఏరుకోవాలి.