వేలు తడారితే మతి పోయినట్టేనా?

కెనడాలో వయసు మీద పడిందనడానికి కొత్త గుర్తొకటి వచ్చింది. జుట్టు నెరవడం, మోకాళ్లు పట్టేయడం పాత సంగతులు. ఇప్పుడు ట్యాబ్లెట్ మీద వేలు పెడితే అది ఉలక్కపోవడమే అసలు లక్షణం. ఉలకలేదంటే లోపం ట్యాబ్లెట్‌ది కాదు, మీ మెదడుది. రిపోర్టులో అలాగే పడుతుంది.

బ్రాంప్టన్‌లోనో మిస్సిసాగాలోనో ఏదో ఒక క్లినిక్ అనుకోండి. జనవరి నెల. హీటర్ వేడికి ఒళ్లంతా అప్పడంలా ఎండిపోయి ఉంది. డెబ్బై ఎనిమిదేళ్ల అమ్మమ్మగారు మతిమరుపు పరీక్షకని ట్యాబ్లెట్ ముందు కూర్చున్నారు. ఒక అంకె, ఒక అక్షరం, మళ్లీ అంకె, మళ్లీ అక్షరం వేలితో కలుపుకుంటూ పోవాలి. వరస ఆవిడకి బాగానే తెలుసు. వేలు పెట్టారు, గీత పడలేదు. ఎండిన వేలంటే ఆ తెరకి పట్టదు. ఆవిడ జన్మంతా పుస్తకాల పేజీలు తిప్పిన మనిషి కదా, చూపుడువేలు నాలుక్కి అద్దుకుని మళ్లీ పెట్టారు. ఈసారి ఒకటికి రెండు గీతలు పడ్డాయి. పరీక్ష పెడుతున్న అమ్మాయి మొహం చిట్లించి శానిటైజర్ అందుకుంది.

"అమ్మమ్మా, గట్టిగా కాదు, మెల్లిగా నొక్కు" అన్నాడు మనవడు.

"మెల్లిగా చెప్తే వినిపించుకోవట్లేదురా ఇది!"

ఈలోపు సెకన్లు నడుస్తూనే ఉన్నాయి, అవన్నీ ఆవిడ లెక్కలోకే వెళ్తున్నాయి.

ఇలాంటి పరీక్షల్లో పేరు మోసిన 'మోకా' పుట్టిల్లు కెనడాయే. మాంట్రియల్ న్యూరాలజిస్టు జియాద్ నస్రెడ్డిన్ రూపొందించిన ఈ పరీక్ష 2005లో వైద్య పత్రికకెక్కింది. ఒక కాగితం, ఒక పెన్సిలు, ఓ పది నిమిషాలు, 30 మార్కులు. పదకొండూ పది చూపించే గడియారం గీయాలి, ఘనం బొమ్మ చూసి దించాలి, ఐదు మాటలు గుర్తుపెట్టుకోవాలి. చదువు పన్నెండేళ్లు దాటనివాళ్లకి ఒక మార్కు కలుపుతారు. మంచి మనసే. ఇప్పుడు ఇలాంటి పరీక్షలు ట్యాబ్లెట్‌కెక్కాయి గానీ, ట్యాబ్లెట్ ఎరగని చేతికి కూడా ఇంకో మార్కు కలుపుదామన్న దయామయుణ్ణి మాత్రం నేనింకా చూడలేదు.

ట్యాబ్లెట్ భక్తులు ఒకటే పాట పాడతారు. మార్కులు దానంతటదే వేస్తుంది, మిల్లీసెకను కూడా వదలదు, అలసిపోదు, పక్షపాతం చూపదు. నిజమే, మిల్లీసెకను వదలదు. ఆలోచించడానికి పట్టిన ఆలస్యాన్నీ, ఆ ఇంతంత గుండీ ఎక్కడుందో వెతకడానికి పట్టిన ఆలస్యాన్నీ కలిపి ఒకే ఖాతాలో వేసేస్తుంది. ఎదురుగా మనిషి కూర్చుంటే చెయ్యి వణకడం చూస్తారు, "కళ్లజోడు తెచ్చుకోలేదా అమ్మా" అని అడుగుతారు. దానికా బాధ లేదు.

ఈ సరదా ఖరీదెంతో బ్రిటిష్ కొలంబియా పెద్దలకి తెలుసు. అక్కడ ఎనభై నిండిన డ్రైవర్లకి రెండేళ్లకోసారి వైద్య పరీక్ష ఉంటుంది. బుద్ధి మందగించిందేమోనన్న అనుమానం వచ్చినవాళ్లని 'డ్రైవబుల్' అనే పరీక్షకి పంపేవారు. ఎడ్మంటన్‌లో పుట్టిన సరుకది. ఆఫీసు గదిలో టచ్‌స్క్రీన్ ముందు కూర్చోబెట్టి తెర మీద తాకమనేవారు. జీవితమంతా మంచులో, కొండదారుల్లో బండి నడిపినవాళ్లు ఆ గదిలో బోల్తా పడ్డారు. గోల లేచింది. 2012లో ప్రభుత్వం దిగొచ్చి, తెర దగ్గర తప్పినవాళ్లకీ రోడ్డు మీద నడిపి చూపించే అవకాశం ఇచ్చింది. 2018లో ఆ పరీక్షనే పక్కన పెట్టి, నేరుగా రోడ్డు మీదే చూస్తామంది. కారు నడపడం వచ్చో రాదో తెలియాలంటే కారు నడిపించి చూడాలన్న బ్రహ్మరహస్యం ఏలినవారికి అన్నేళ్లకి బోధపడింది!

ఒంటారియో ఆ విషయంలో నయం. 2014 నుంచి ఎనభై దాటినవాళ్లు లైసెన్సు రెన్యువల్‌కి వెళ్తే గడియారం గీయిస్తారు, అక్షరాల గుంపులో 'హెచ్'లన్నీ కొట్టేయమంటారు. ఇందులో కంప్యూటర్ ఉండదని సర్కారు వారే ముందుగా అభయమిస్తారు. ఎవరి ఫిర్యాదులు విని ఆ మాట చేర్చారో ఊహించుకోవడం కష్టం కాదు.

ఇంకో తమాషా. అసలు మతిమరుపు ఛాయలే లేని 65 దాటినవాళ్లకి ఇలాంటి పరీక్షలు పెట్టొద్దని కెనడా నివారణ వైద్య కార్యదళం 2016లోనే చెప్పింది. కాగితంతోనే వద్దన్నారు మహాప్రభో! కానీ ట్యాబ్లెట్ కొన్నాక దాన్ని ఖాళీగా ఎలా ఉంచుతారు?

ఈ తెరలు కొలవలేనిదీ ఒకటుంది. మన హైదరాబాద్ నిమ్స్‌లో సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో ఒక సంగతి ప్రకటించింది: రెండు భాషలు వచ్చినవాళ్లలో జబ్బు దాదాపు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా బయటపడింది, బడి మొహం చూడనివాళ్లలో కూడా. టొరంటోలో ఎలెన్ బయాలిస్టాక్ బృందం 2007లోనే ఇంచుమించు ఇదే మాట చెప్పింది. మన అమ్మమ్మగారు కూరగాయలవాడితో ఉర్దూలో బేరమాడి, పక్కింటి మామితో తమిళంలో కబుర్లాడి వచ్చిన మనిషి. ఆ బుర్రని కొలిచే గుండీ ఆ తెర మీద ఎక్కడుంది?

నేనడిగేది పెద్దదేం కాదు. అసలు పరీక్షకి ముందు ఒక్క నిమిషం ఉత్తుత్తి పరీక్ష పెట్టండి: ఇక్కడ తాకండి, అక్కడిదాకా గీయండి, అంతే. అది కుదరనివాళ్లకి కాగితం, పెన్సిలు ఇవ్వండి. తెర ఎన్నిసార్లు ఉలకలేదో ఆ సంఖ్య కూడా మార్కుల పక్కనే వేయండి. ఈ మాటే ట్యాబ్లెట్ భక్తుడైన ఒక మిత్రుడి దగ్గరంటే, ఆయన చాలాసేపు ఆలోచించి, అలాంటి ఆప్షన్ యాప్‌లో లేదన్నారు. ఆ ఆలోచనకి పట్టిన మిల్లీసెకన్లు ఎవరూ లెక్కపెట్టలేదు.