మీ కంపెనీ చల్లగా ఉండాలి

ముళ్ళపూడి వెంకటరమణ గారి ‘ఋణానందలహరి’లో అప్పారావుకి అప్పు చేయడం ఒక కళ. అప్పిస్తున్నానని తెలియకుండానే ఇచ్చేసినవాడు ఇంకొకడున్నాడు. మాదాపూర్‌లో ఏ టీకొట్టు దగ్గర వెతికినా దొరుకుతాడు. వీపున ల్యాప్‌టాప్ సంచీ, చెవిన ఫోను, చూపు మాత్రం ఎదుటి అద్దాల మేడ నాలుగో అంతస్తు మీద. అక్కడ లైట్లు వెలుగుతున్నాయా లేదా అన్నది అతనికి కావాలి. వెలుగుతుంటే కరెంటు బిల్లు కట్టారన్నమాట. కట్టారంటే డబ్బుంది. డబ్బుంటే మరి తనదెందుకివ్వలేదు? ఇక్కడికొచ్చేసరికి టీ చల్లారిపోతుంది.

ఇతను ఫ్రీలాన్సరు. ఆ కంపెనీకి యాప్ కట్టిపెట్టాడు. మొదటి ఇన్వాయిసుకి డబ్బు గడువులోపలే వచ్చింది. కొంప ముంచింది అదే.

పని నడిచినన్నాళ్లూ ఇతను వాళ్లకి ‘మనవాడు’. ఆఫీసులో బతుకమ్మ పేర్చిన రోజు ఫొటోలో ముందు వరసలో నిలబెట్టారు, కంపెనీ బొమ్మ ఉన్న టీషర్టు తొడిగారు. చెల్లింపులు మొరాయించిన దగ్గర్నుంచి, “మీరు వెండరు కదా సార్, ముందు స్టాఫ్‌వి చూడాలి” అంటున్నారు. టీషర్టు వెనక్కి అడగలేదు, అది వాళ్ల మంచితనం.

అకౌంట్స్‌లో ఒక అమ్మాయి ఉంటుంది. “ఈ శుక్రవారం పక్కా సార్” అంటుంది. ఏ శుక్రవారమో చెప్పదు. ఇతను మొదట్లో విసుక్కునేవాడు. ఇప్పుడు ఫోనెత్తగానే, “నీ జీతం పడిందా అమ్మా?” అని అడుగుతాడు. పడిందంటే ఆశ. పడలేదంటే ఆ అమ్మాయినే కాసేపు ఓదార్చి పెట్టేస్తాడు.

కంపెనీ నాడి చూడటంలో ఇతన్ని మించిన వైద్యుడు లేడు. రిసెప్షన్‌లో కూర్చోబెడితే చాలు, ఏసీ వేశారా, అద్దె కాఫీ మెషీను ఉందా, ఉంటే అందులో పొడి ఉందా, అన్నీ కనిపెడతాడు. గోడవార ఇతనిలాగే ఎదురుచూసే బృందం ఒకటి ఉంటుంది. క్యాబులు తిప్పినాయన, కుర్చీలు బల్లలు చేసిన మేస్త్రి, భోజనాలు పంపినావిడ. అందరికీ కలిపి ఒక వాట్సాప్ గ్రూపు. గుడ్‌మార్నింగ్ పువ్వు బదులు అందులో ఫౌండరు కారు నంబరు ప్లేటు ఫొటో వస్తుంది, “సారు లోపలే ఉన్నారు” అని. ఈ బృందంలో చేరనివాడు నీళ్ల క్యాన్ల కుర్రాడొక్కడే. వాడు చేతిలో డబ్బు పడితేగానీ క్యాను దించడు. బ్యాలెన్స్ షీట్లు చదవడం రాదు గనుక ముందే గ్రహించాడు.

లోకంలో ఆ కంపెనీ బాగుండాలని యజమానికంటే ఎక్కువ కోరుకునేవాడు ఇతనే. లింక్డిన్‌లో ఫౌండరు “ఓటమే గురువు” అని రాస్తే ఇతని గుండె జారుతుంది. “త్వరలో శుభవార్త” అంటే మొదటి లైకు ఇతనిదే. జనం వీసాల కోసం వెళ్లే చిలుకూరు బాలాజీ దగ్గరికి వెళ్లి, పరాయి కంపెనీకి ఫండింగ్ రావాలని 11 ప్రదక్షిణలు చేసొచ్చాడు. వస్తే 108. సొంత పెళ్లి కోసం కూడా ఇంత తిరగలేదు.

ఇంట్లో మామగారు పేపరు మడుస్తూ, “ఏం అల్లుడుగారూ, మీ కంపెనీవాళ్లు ఏమంటారు?” అంటారు. “మా కంపెనీ కాదండీ” అంటాడు. “మరి రోజూ వెళ్తున్నారుగా?” అంటారాయన.

ఇక చట్టం. రాని డబ్బు మీద ఇతను 18 శాతం జీఎస్టీ ఎప్పుడో కట్టేశాడు, ఇన్వాయిసు కొట్టడమే తప్పయింది. కంపెనీ కూడా టీడీఎస్ 10 శాతం కోసి, ఇతని పాన్ నంబరు మీద జమ చేసింది. అంటే ఈ పని తాలూకు ప్రతిఫలం ప్రభుత్వానికి రెండు వైపులనుంచీ అందింది. 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం చిన్న సంస్థలకి 45 రోజుల్లోపు చెల్లించాలి, లేకపోతే రిజర్వు బ్యాంకు రేటుకి మూడు రెట్లు వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. ఇది చదివిన రాత్రే ఎక్సెల్ షీటు తెరిచాడు. కాగితం మీద నెలనెలా ధనవంతుడవుతున్నాడు. ఆ వడ్డీ అడగాలంటే పని ఒప్పుకోకముందే చిన్న సంస్థగా ఉద్యమ్ రిజిస్ట్రేషను చేయించుకుని ఉండాలని ఆడిటరు బావమరిది చెప్పాక ఆ షీటు తెరవడం మానలేదుగానీ, తలుపేసుకుని తెరుస్తున్నాడు.

బాకీకి కాలపరిమితి మూడేళ్లు. ఆలోగా “ఇవ్వాల్సింది నిజమే” అని వాళ్లు రాసి సంతకం పెడితే లెక్క మళ్లీ మొదటినుంచి. అందుకని ఇతనికిప్పుడు నిజం అక్కర్లేదు, రాతలో ఉన్న అబద్ధం చాలు. “వచ్చేవారం ఇస్తామని ఒక్క మెయిల్ పెట్టండి సార్, ఇవ్వకపోయినా ఫర్లేదు” అని బతిమాలతాడు. ఫౌండరు ఘనుడు. అన్నీ ఫోన్లోనే ఒప్పుకుంటాడు, “బ్రదర్” అని కూడా అంటాడు.

దివాలా కోర్టు తలుపు ఇతని నాలుగు లక్షలకి తెరుచుకోదు. 2020 మార్చిలో హద్దు లక్ష నుంచి కోటికి పెంచారు. చివరికి బ్యాంకు వెళ్లి తెరిపించింది. కంపెనీలు కళకళలాడేది రాయదుర్గం వైపు, వాటి దివాలా విచారణ జరిగేది బండ్లగూడ కార్పొరేట్ భవన్‌లో. మెట్రో నీలం లైను ఈ కొసన రాయదుర్గం, ఆ కొసన నాగోలు. నాగోలులో దిగి ఆటో ఎక్కాలి. మన మెట్రో ప్లానర్లకి దూరదృష్టి లేదని ఎవరన్నారు?

ఫారం-బి నింపి బాకీ నమోదు చేయించుకున్నాడు. కంపెనీని అమ్మేస్తే పంపకంలో ముందు దివాలా ఖర్చులు, తర్వాత కార్మికులు, తాకట్టున్న బ్యాంకులు, ఉద్యోగులు, తాకట్టులేని అప్పులవాళ్లు, ప్రభుత్వం, ఆ తర్వాత ఇతను. ఇతని కింద వాటాదార్లు మాత్రమే, అంటే ఫౌండరు. జన్మలో మొదటిసారి ఫౌండరుకంటే ఒక మెట్టు పైన నిలబడ్డాడు. మెట్టు మీద డబ్బులేవీ లేవు.

ఇలా ఉండగా, కంపెనీని చూసుకోమని దివాలా ట్రైబ్యునల్ నియమించిన రిజల్యూషన్ ప్రొఫెషనల్ దగ్గర్నుంచి ఫోను. “సార్, యాప్ ఆగిపోతే కంపెనీకి విలువుండదు. దాన్ని నడపడం మీకే తెలుసంటున్నారు. కొన్నాళ్లు చూసిపెట్టండి. ఆ బిల్లు దివాలా ఖర్చు కింద అన్నిటికంటే ముందొస్తుంది.”

“పాతదో?”

“అది ఆ వరసలోనే సార్.”

ఇతను నీళ్ల క్యాన్ల కుర్రాణ్ణి తలుచుకున్నాడు.

“అడ్వాన్సు పడ్డాక పాస్‌వర్డు చెప్తానండీ” అన్నాడు.