కార్డుదే తప్పు

గ్రాఫిక్స్ కార్డు మార్చాలా వద్దా అని ఎవరడిగినా నేను ముందు మోడల్ చెప్పను, ధర చెప్పను. ఏ ఆట ఆడుతున్నారు, ఎక్కడ తడబడుతోంది అని అడుగుతాను. ఆ తర్వాత చేసే పరీక్ష చిన్నదే. ఆట నడుస్తుండగా టాస్క్ మేనేజర్ తెరిచి జీపీయూ ఎంత పనిచేస్తోందో చూడాలి. 95 శాతం దాటి అక్కడే నిలబడిపోతే కార్డుకు శక్తి చాలడం లేదని అర్థం. ముప్ఫై నలభై దగ్గరే తిరుగుతూ ఆట మాత్రం నత్తనడక నడిస్తే దోషం వేరేచోట ఉంది. అనుమానం తీరకపోతే రిజల్యూషన్ తగ్గించి చూడాలి. తగ్గించినా వేగం పెరగలేదంటే, ఎంత పెద్ద కార్డు తెచ్చి పెట్టినా పెరగదు. ఇంత చిన్న పరీక్ష చేసుకోక, ఇంట్లో పోట్లాడి వేలకు వేలు పోసే కుర్రాళ్లను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

మా వీధి చివరింటి లెక్కల మాస్టారు ఈ ప్రశ్నతో వచ్చినప్పుడూ అదే అడిగాను.

"ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ రెండోది. ఈమధ్య కొత్త హంగులతో వచ్చిందే, డెఫినిటివ్ ఎడిషన్, అది" అన్నారు తడుముకోకుండా.

ఆయనకు ఆ ఆట ఎలా అలవాటైందో వీధిలో అందరికీ తెలుసు. ఆట మొదటిసారి వచ్చింది 1999లో. ఆ రోజుల్లోనే పీఎఫ్ లోను పెట్టి కొడుక్కి కంప్యూటర్ కొన్నారు. వేసవి సెలవుల్లో తండ్రి పొలాలు వేసి గోడలు కట్టేవాడు, కొడుకు గుర్రాలు తోలేవాడు. కొడుకు పెద్దవాడై డాలస్ వెళ్లాడు. 2019 నవంబరులో అదే ఆట కొత్త రూపంలో వచ్చాక, సెలవుకు వచ్చిన కొడుకే నాన్నకు ఈ సిస్టమ్ కట్టించి, ఆట కొనిచ్చి వెళ్లాడు. ఇక్కడ ఆదివారం పొద్దున, అక్కడ శనివారం రాత్రి. కొడుకు, అతని స్నేహితులు, వాళ్ల మధ్య మాస్టారు. ఆయన ఆట మహా నిదానం. గొర్రెలన్నీ తెచ్చుకుని, పొలాలు వరసగా వేసుకుని, గోడ పూర్తయితే గానీ ఒక్క సిపాయినీ బయటికి పంపరు.

కొన్నాళ్లుగా ఆ ఆదివారాలు ఆగిపోయాయి. "నీ సిస్టమ్ స్లో నాన్నా. నీ ఒక్కడి వల్ల అందరికీ ఆట లేటవుతోంది. గ్రాఫిక్స్ కార్డు మార్చు, అందాకా మేమూ ఆపేస్తాం, మార్చాక పిలుస్తా" అన్నాడట కొడుకు. మాస్టారు సికింద్రాబాద్ వెళ్లి, చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో అయిదారు షాపులు తిరిగి, ఆర్టీఎక్స్ 4060కి కొటేషన్ రాయించుకొచ్చారు. ముప్ఫైవేలకు కాస్త అటూఇటూ. ఆ చీటీని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో, కళ్లజోడు వెనక దాచుకున్నారు.

కొడుకు మాటలో సగం నిజముంది. ఈ ఆటలో ఒకరి కంప్యూటర్ వెనకబడితే అందరికీ ఆట మెల్లబడుతుంది. 1997లో వచ్చిన మొదటి ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ నుంచీ దాని పద్ధతే అంత. నెట్ మీద వెళ్లేది సిపాయిల బొమ్మలు కాదు, ఎవరు ఏ ఆజ్ఞ ఇచ్చారన్నది మాత్రమే. ఆ ఆజ్ఞలు అందుకుని ప్రతి కంప్యూటరూ మొత్తం యుద్ధాన్ని సొంతంగా లెక్కగట్టుకుంటుంది. ఎనిమిదిమంది ఆడితే, తలకు 200 చొప్పున 1600 ప్రాణుల కదలికలు. అన్ని కంప్యూటర్లూ కలిసి అడుగేయాలి, ఒకటి ఆలస్యం చేస్తే మిగతావి దాని కోసం ఆగుతాయి. అయితే ఆ లెక్క చేసేది ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు కాదు. నిజంగానే సిస్టమ్ స్లో అయినా, ఆయన మార్చాల్సింది బహుశా కార్డు కానే కాదు.

నాకు సెలవు దొరికేదీ ఆదివారమే కాబట్టి ఆ పొద్దునే వెళ్లాను. కేబినెట్ మూత తీసి దుమ్ము దులిపాను. జీటీఎక్స్ 1650, నాలుగు జీబీ. స్లాట్ ఇచ్చే 75 వాట్లతోనే నడిచే కార్డు. 4060కి అయితే 115 వాట్లు కావాలి, విడిగా పవర్ కేబుల్ కావాలి, అంటే ఎస్ఎంపీఎస్ సంగతీ చూసుకోవాలి.

ఈ ఆటలో ఒక మంచి ఏర్పాటుంది. ర్యాంకు పోటీల్లోకి రానివ్వడానికి ముందు కంప్యూటర్‌కి అదే ఒక పరీక్ష పెడుతుంది. 1000 మార్కులు వస్తేనే పాస్. మాస్టారి సిస్టమ్ తేలిగ్గా దాటేసింది. అంతటితో వదలకుండా కంప్యూటర్ ఆటగాళ్లు ఏడుగురితో పెద్ద యుద్ధం పెట్టి, తెర నిండా ఏనుగులూ విలుకాళ్లూ కమ్ముకునేదాకా నడిపించాను. జీపీయూ 40 దగ్గరే ఉంది. ప్రాసెసర్ తొణకలేదు. ఆట ఎక్కడా తడబడలేదు. డాలస్ దూరానికి క్లిక్ చేశాక గుర్రం కదలడం కాస్త ఆలస్యమవుతుంది, నిజమే. కానీ అది అందరికీ ఆటను ఆపేసే ఆలస్యం కాదు, దాన్ని తగ్గించే కార్డూ లేదు.

"మాస్టారూ, పైసా ఖర్చు పెట్టక్కర్లేదు. మీ సిస్టమ్‌లో ఏ లోపమూ లేదు. అబ్బాయికి ఇప్పుడే ఫోన్ చేసి నేనే చెప్తాను" అన్నాను. డబ్బు మిగిల్చానన్న సంతోషం నాది. ఆయన ఔననలేదు, కాదనలేదు.

ఆట మూసేశాను. వెనక ఉన్న స్టీమ్ తెర మీదికొచ్చింది. మూలన ఫ్రెండ్స్ జాబితా. అందులో ఉన్నది ఒక్కటే పేరు, ఆకుపచ్చ రంగులో వెలుగుతోంది. ఆ రంగులో ఉంటే అవతలివాళ్లు ఆ క్షణాన ఆటలో ఉన్నట్టు. ఏ ఆటో కూడా పేరు కిందే రాసి ఉంది. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ రెండు.

ఆయన చూసేలోపు మూసేద్దామని గబుక్కున మౌస్ అటు తోశాను.

"ఉండనీ నాయనా. ప్రతి ఆదివారం చూస్తూనే ఉన్నా" అన్నారు మాస్టారు. జేబులోంచి చీటీ తీసి, మడతలు విప్పి నా చేతిలో పెట్టారు.

"వాడికి మాత్రం ఫోన్ చెయ్యకు. తప్పు కార్డుదే అయితే ముప్ఫైవేలతో పోతుంది."