చెల్పూర్ సెలెక్టర్లకు జేజేలు

చెల్పూర్ అన్నలారా, తమ్ములారా! థర్మల్‌లో షిఫ్టు మారే వేళ రోడ్డు పక్క చాయ్ హోటళ్లలో మీరు చేసే క్రికెట్ చర్చను మనసారా పొగడాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. మీలో కాకతీయ థర్మల్‌లో పనిచేసే ఆర్టిజన్లున్నారు, భూపాలపల్లి గనుల్లో దిగే సింగరేణి కార్మికులున్నారు, కాంట్రాక్టు లేబరున్నారు, డిగ్రీ అయిపోయి నోటిఫికేషన్ కోసం ఎదురుచూసే పిల్లలున్నారు. ఐపీఎల్ నడిచే రెండు నెలలు సరే, ఏ ఆటా లేని వానాకాలంలోనూ మీ ముచ్చట తెగదు. ఇంత జ్ఞాపకం, ఇంత లెక్క, ఎదుటివాడి మాట పూర్తయ్యేదాకా ఆగి జవాబు చెప్పే ఇంత ఓపిక మన జిల్లాలో ఏ మీటింగులోనూ నాకు కనపడలేదు. గ్రామసభలో అసలే కనపడలేదు. ఆ రోజు మీలో చాలామంది రాలేదు.

ముందు మీ లెక్క గురించి చెప్పాలి. 2024 నవంబరులో జెద్దాలో మెగా వేలం అయింది. ఒక్కో జట్టు పర్సు 120 కోట్లు. సన్‌రైజర్స్ క్లాసెన్‌కు 23, కమిన్స్‌కు 18, హెడ్‌కు, అభిషేక్ శర్మకు చెరి 14, మన నితీశ్ కుమార్ రెడ్డికి 6 కోట్లు ఇచ్చి అట్టిపెట్టుకుంది. 75 పోగా 45 మిగిలింది. అందులోంచి ఇషాన్ కిషన్‌కు 11.25, షమీకి 10, హర్షల్ పటేల్‌కు 8 పోయాయి. మిగిలిన 15 కోట్ల 75 లక్షలతో స్పిన్నర్లు ఎవరు, ఏడో నంబరులో ఎవరు, కమిన్స్‌కు దెబ్బ తగిలితే ఎవరు అని మీలో ఒకాయన గ్లాసు కింద పెట్టకుండా ఒక్క ఊపున చెప్పాడు. కాగితం లేదు, ఫోను తీయలేదు. ఒక్క లక్ష తేడా రాలేదు. ఆయన చొక్కా జేబులో ఆ నెల జీతం చీటీ మడతపెట్టి ఉంది. అందులో పీఎఫ్ కింద ఎంత కోశారో, కాంట్రాక్టరు తన వాటా కట్టాడో లేదో చూశావా అని అడిగాను. "గవన్ని మనకేం ఎర్కుంటయన్నా, ఆఫీసోళ్లు చూస్కుంటరు" అన్నాడు. పది ఫ్రాంచైజీల ఖాతాలు నోటికి వచ్చిన మనిషి ఆయన. ఆ చీటీలో ఉన్నవి ఆరేడు అంకెలు.

మీ మనసు కూడా పెద్దది. రిషభ్ పంత్‌కు లక్నో 27 కోట్లు పెడితే మీరెవరూ ఏడవలేదు. ఆడేవాడికి ఆ మాత్రం రావాలన్నారు. శ్రేయస్ అయ్యర్ 26 కోట్ల 75 లక్షల దగ్గర ఆగితే, అయ్యో పాతిక లక్షల్లో రికార్డు పోయెనే అని బాధపడ్డారు. పరాయివాడి జీతం పెరిగితే సంతోషించడం అందరికీ చేతకాదు. అదే ఏడాది సింగరేణి లాభాల వాటా ప్రకటించింది. పర్మనెంటు కార్మికునికి సగటున లక్షా 90 వేలు. కాంట్రాక్టు కార్మికునికి, చరిత్రలో మొదటిసారి, 5,000. మరుసటి ఏడాది 5,500. ఇషాన్‌కూ షమీకీ నడుమ కోటీ పాతిక లక్షల తేడా న్యాయమా కాదా అన్నది మీ బల్ల మీద ఒక సాయంత్రమంతా నడిచింది. ఒకే గని, ఒకే బొగ్గు, లక్షా 90 వేలకూ 5,000కూ నడుమ తేడా అన్నది ఒక చాయ్ చల్లారేంతసేపు కూడా నడవలేదు. మీది ఓర్పు అనే అంటాను. ఇంత ఓర్పు ఉన్నవాళ్లతో పని చేయించుకోవడం ఎవరికైనా సుఖం.

ఇక వ్యూహం. 2024 ఫైనల్ గురించి మీరు మాట్లాడింది విన్నాక టీవీ వ్యాఖ్యానం నాకు చప్పగా అనిపించింది. మే 24న చెపాక్‌లో రాజస్థాన్ మీద సన్‌రైజర్స్ ముందు బ్యాటింగ్ చేసి 175 కొట్టింది. మంచు పడలేదు. షాబాజ్ మూడు, అభిషేక్ రెండు వికెట్లు తీశారు, 36 పరుగులతో గెలిచారు. ఆ ధైర్యంతోనే 26న కమిన్స్ టాస్ గెలిచి మళ్లీ బ్యాటింగ్ తీసుకున్నాడని ఒకరన్నారు. 18.3 ఓవర్లలో 113కే ఆలౌట్ అయ్యాక ఆ ధైర్యం ఏం పనికొచ్చిందని ఇంకొకరు. ఐపీఎల్ ఫైనల్స్‌లో అంత తక్కువ స్కోరు లేదు. కోల్‌కతా 10.3 ఓవర్లలో పని ముగించింది. అప్పుడు మూలన కూర్చున్న ఆర్టిజన్ తమ్ముడు అగ్గిపెట్టె తీశాడు. మూడు పుల్లలు బల్ల పగుల్లో గుచ్చి వికెట్లన్నాడు. మొదటి ఓవర్లో స్టార్క్ చేయి ఎక్కడి నుంచి వచ్చింది, బంతి ఎక్కడ పడింది, ఎడంచేతి అభిషేక్ బ్యాటును దాటుకుని బయటికి పోతూ ఆఫ్ స్టంపు నెత్తిని ఎట్లా తాకింది అన్నది శనగగింజతో చూపించాడు. "ఆడనిదే తప్పు కాదు, అడుగు ముంగటికి వెయ్యకనే ఆడుడు తప్పు" అన్నాడు. కోచింగ్ అంటే అదే. ఆ తమ్ముడు ఇంతవరకు ఒక్క పిల్లవానికి ఆ అడుగు నేర్పలేదు.

సొంత జట్టును తప్పుబట్టే నిజాయితీ కూడా మీకుంది. 287 కొట్టిన రోజు ఎగిరిన నోటితోనే 2025లో ఆరో స్థానానికి దిగజారినప్పుడు కడిగిపారేశారు. అయితే హైదరాబాద్ పేరుతో ఆడే జట్టు ఇంకొకటి ఉంది. రంజీ ట్రోఫీని 1937-38లో ఒకసారి, 1986-87లో ఒకసారి గెలిచి, ఆ తర్వాత మళ్లీ గెలవని జట్టు. 2023-24లో ప్లేట్ గ్రూపుకు పడిపోయి, అక్కడ ఆడుకోవాల్సి వచ్చిన జట్టు. ఆ సీజన్‌లోనే తన్మయ్ అగర్వాల్ 147 బంతుల్లో ట్రిపుల్ సెంచరీ కొట్టాడు. ఫస్ట్‌క్లాస్ క్రికెట్‌లో అంత వేగంగా ఎవరూ కొట్టలేదు. మన రాష్ట్రంలో పుట్టిన పిల్లవాడు పెద్ద ఆటకు పోవాలంటే దాటాల్సిన గడప ఆ జట్టే. మీ బల్ల మీదికి అది ఎన్నడూ రాలేదు. ప్రేమ ఒకరి మీదే పెట్టుకునేవాళ్లను తప్పుబట్టలేం.

క్షమించడంలో మీకు సాటి లేరు. బకాయి కట్టలేదని 2024 ఏప్రిల్ 4న విద్యుత్ సంస్థ ఉప్పల్ స్టేడియానికి కరెంటు తీసేసింది. తెల్లారితే చెన్నైతో మ్యాచ్. బకాయి కోటిన్నరకు పైన. భూపాలపల్లిలో తవ్విన బొగ్గు చెల్పూర్ బాయిలర్లలో మండి, 500 మెగావాట్ల యూనిట్ ఒకటి, 600 మెగావాట్ల యూనిట్ ఒకటి తిరిగితే గ్రిడ్‌కు పోయే కరెంటు అది. మీ చెమట ఎంతో కొంత ఉప్పల్ లైట్లలో వెలుగుతుంది. ఆ సాయంత్రం మీ కోపం చూడాల్సింది. "మన కరెంటుతోని మ్యాచులు పెట్టి మనకే పైసలు ఎగ్గొడ్తరా" అన్నారు. మర్నాడు సన్‌రైజర్స్ ఆరు వికెట్లతో గెలిచింది, కోపం పోయింది. 2025 జూలైలో హైదరాబాద్ క్రికెట్ సంఘం అధ్యక్షుడినే సీఐడీ అరెస్టు చేసింది. అదీ ఒక పూట నడిచింది. తెలంగాణ అంతటి క్రికెట్ బాధ్యత ఆ సంఘానిది. అందులో ఓట్లు ఎక్కువగా నగరం క్లబ్బులవి. మన జిల్లా పిల్లల మీద ఆ సంఘం ఏడాదికి ఎంత ఖర్చు పెడుతుందన్న ప్రశ్న మాత్రం, క్లాసెన్ ఒక్కో సిక్సర్‌కు ఎంత పడ్డాడో లెక్క కట్టిన మీ నోటి నుంచి నేను వినలేదు.

ఇక్కడి నుంచి డాలస్ పోయిన ఒక తమ్ముడు ఆ బల్లకు వీడియో కాల్ చేస్తుంటాడు. అతను బాస్కెట్‌బాల్‌లో పడ్డాడు. అక్కడి మావెరిక్స్ జట్టు 2024లో ఫైనల్స్ దాకా పోయి బోస్టన్ చేతిలో 4-1తో ఓడింది. 2025 ఫిబ్రవరిలో, తమను అక్కడిదాకా మోసుకుపోయిన లూకా డాన్చిచ్‌ను లాస్ ఏంజిలిస్‌కు ఇచ్చేసి ఆంథోనీ డేవిస్‌ను తెచ్చుకుంది. అభిమానులు స్టేడియంలో కూర్చుని జనరల్ మేనేజర్‌ను తీసేయమని నెలల తరబడి అరిచారు. నవంబరులో తీసేశారు. జీతాల పరిమితి, ఆటగాళ్ల మార్పిడి మీకు చెప్పిన మరుక్షణమే అర్థమయ్యాయి. డ్రాఫ్టు ఇంకా నచ్చింది. అక్కడ అడుగున పడ్డ జట్లకే వచ్చే ఏటి కొత్త పిల్లల్లో ముందు ఎంచుకునే అవకాశం ఎక్కువ ఉంటుంది. లాటరీలో నూటికి రెండు పాళ్లు కూడా లేని డాలస్‌కు మొదటి పిలుపు తగిలింది. 2025 జూన్‌లో కూపర్ ఫ్లాగ్ అనే పిల్లవాడిని తీసుకున్నారు. "ఓడినోనికి ముందుగాల ఇచ్చుడు. ఇది న్యాయం గల్ల పద్ధతి" అన్నారు మీలో పెద్దాయన ఒకరు. అంత మంచి మాట ఆ హోటల్లో నేను విన్లేదు. ఆ న్యాయం ప్రకారం కోచ్‌లను, మైదానాలను పంచితే 2016లో పుట్టిన మన భూపాలపల్లి జిల్లా వరసలో ముందు నిలబడుతుంది. మాట ఆ పెద్దాయనదే. ఆయన దాన్ని అమెరికాలోనే వదిలేశారు.

అన్నింటికన్నా మీ కన్ను గొప్పది. వైభవ్ సూర్యవంశీని రాజస్థాన్ కోటీ 10 లక్షలకు కొన్నప్పుడు అతనికి 13 ఏళ్లు. లోకం నవ్వితే మీరు నవ్వలేదు. "బ్యాటు దిగే తీరు చూడుండ్రి" అన్నారు. 2025 ఏప్రిల్ 28న గుజరాత్ మీద 35 బంతుల్లో వంద కొట్టాడు. బిహార్‌లో సమస్తిపూర్ దగ్గర అతని ఊరు, తండ్రి భూమి అమ్ముకున్న సంగతి, అన్నీ మీకు తెలుసు. సిరాజ్ విషయంలోనూ మీ మాటే నిలిచింది. 2017లో 2 కోట్ల 60 లక్షలకు కొన్న ఇంటి పిల్లవాడిని సన్‌రైజర్స్ వదులుకుంది. అతను 2025లో గుజరాత్ చొక్కా వేసుకుని ఉప్పల్‌కే వచ్చి 17 పరుగులిచ్చి నాలుగు వికెట్లు తీసుకుపోయాడు. ఆ రాత్రి మీరన్నది గుర్తుంది: కండ్ల ముందటి పిలగాన్ని గుర్తు పట్టనోళ్లు ఏం టీం నడుపుతరు?

మీరు ఆ మాట అంటున్నప్పుడే హోటల్ వెనక ఖాళీ జాగాలో పిల్లలు వీధి లైటు కింద ఆడుతున్నారు. ఒకడు ఎడంచేతి వాటం. వయసు పదమూడు ఉంటుందేమో. టెన్నిస్ బంతి, అయినా కుడిచేతి బ్యాట్స్‌మన్‌కు బంతి లోపలికి వస్తోంది, వరసగా వస్తోంది. కాసేపటికి ఒక బంతి మీ బల్ల కిందికి దొర్లింది. మీలో ఒకాయన కూర్చున్న చోటు నుంచే వంగి తీసి, వెనక్కి పూర్తిగా తిరగకుండా విసిరాడు. బంతి నేల తాకకుండా కీపర్ చేతుల్లో పడింది. ఇరవై గజాల పైన ఉంటుంది. ఆ త్రో చూసి నేను లేచి నిలబడ్డాను. ఆయన సిరాజ్ ముచ్చట మధ్యలో ఆపనే లేదు. బౌలింగ్ చేసిన పిల్లవాడిని చూడలేదు. మీరెవరూ చూడలేదు. మీ కుర్చీలన్నీ టీవీ వైపే ఉన్నాయి.

మన ఉమ్మడి వరంగల్‌లోనే, పర్వతగిరి మండలం కల్లెడలో, జీవంజి దీప్తి అనే కూలివాళ్ల బిడ్డ బడి పోటీల్లో పరుగెత్తుతుంటే కోచ్ నాగపురి రమేశ్ కంట్లో పడింది. 2024లో కోబెలో 55.07 సెకన్లతో ప్రపంచ రికార్డు పెట్టింది, అదే ఏడు పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది. ఆయన ఆ రోజు చేసింది చూడడమే. గోదావరి ఒడ్డున భద్రాచలంలో పుట్టిన గొంగడి త్రిష 2025లో అండర్-19 ప్రపంచకప్‌లో 309 పరుగులు చేసి టోర్నీలో ఉత్తమ క్రీడాకారిణి అయింది. ఆ పిల్ల ఆట కోసం తండ్రి ఇల్లు ఖాళీ చేసి సికింద్రాబాద్ పోవాల్సి వచ్చింది. అన్ని ఇళ్లూ కదలలేవు. కదలలేని ఇంటి పిల్లలకు ఊళ్లోనే ఒక జత కళ్లు కావాలి. మీకున్నన్ని కళ్లు, అంత పదునుగా, వేరే ఊళ్లో ఉన్నాయని నేననుకోను.

మినీ వేలం ఏ రోజో, రిటెన్షన్ జాబితాకు ఆఖరు గడువు ఎన్ని గంటలకో మీకు నోటికి వచ్చు. షమీని లక్నోకు ఇచ్చేస్తారని, సంజూ చెన్నైకి పోతాడని 2025 నవంబరులో అధికారికంగా చెప్పకముందే మీరు చెప్పారు, రెండూ జరిగాయి. బడి పిల్లలకు ఎస్‌జీఎఫ్ సెలక్షన్లు ఏటా ఉంటాయి. మండలం, జిల్లా, ఆ పైన రాష్ట్రం. అండర్-14 ఒకటి, అండర్-17 ఒకటి. పీఈటీ పేరు పంపాలి, పుట్టిన తేదీ కాగితం ఉండాలి, ఆ రోజు పిల్లవాడిని ఎవరో ఒకరు బండి మీద తీసుకుపోవాలి. లక్నో జట్టు లోపలి రహస్యం పట్టుకొచ్చిన మీకు ఆ తారీఖు కనుక్కోవడం ఒక్క ఫోన్ పని. ఆ ఎడంచేతి పిల్లవాడి తండ్రికి ఈ వారమంతా నైట్ షిఫ్టు. పగలు పడుకుంటాడు, సాయంత్రం ఐదు దాటాక ఇంటి దగ్గర దొరుకుతాడు.